ముచ్చటగా మూడోసారి: ‘టేక్ ఆన్ మీ’ ఎలా గెలిచింది

నార్వే బ్యాండ్ ‘ఆ-హా’ పాడిన ‘టేక్ ఆన్ మీ’ పాట గురించి ఎవరు మాట్లాడినా పెన్సిల్ బొమ్మల వీడియోతోనే మొదలుపెడతారు. ఆ వీడియో వల్లే పాట ఆడిందంటారు. అది సగం నిజం. అంతకుముందు ఇదే పాట రెండుసార్లు విడుదలై, నార్వే బయట రెండుసార్లూ చతికిలపడింది. మూడోసారి నిలబడటంలో వీడియో పాలు ఎంత, రికార్డింగ్ పాలు ఎంత అని విడదీసి చూస్తే, రికార్డింగ్‌కి దక్కాల్సిన పేరు దక్కలేదనే నా అభిప్రాయం.

పాట పుట్టింది నార్వేలో. పోల్ వాక్టార్, మాగ్నే ఫురుహొల్మెన్ ఓస్లోలో ‘బ్రిడ్జెస్’ అనే బ్యాండ్ నడిపేవారు. పాట మొదట్లో కీబోర్డు మీద గిరగిరా తిరిగే ఆ ముక్క, అంటే రిఫ్, మాగ్నే కుర్రతనంలో కట్టిందే. అయితే బ్రిడ్జెస్ వాళ్లకి అమెరికన్ రాక్ బ్యాండ్ ‘ద డోర్స్’ తరహా చీకటి సంగీతం ఇష్టం. వాళ్ల చెవికి ఈ రిఫ్ మరీ తియ్యగా, చూయింగ్ గమ్ ప్రకటనలా వినిపించింది. దానికి ‘జూసీ ఫ్రూట్ సాంగ్’ అని పేరు పెట్టుకుని పక్కన పడేశారు. తర్వాత జట్టులో చేరిన గాయకుడు మోర్టెన్ హార్కెట్ మాత్రం ఇది ఎక్కడైనా ఆడే పాట అని పట్టుబట్టాడు. అదే ‘లెసన్ వన్’ పేరుతో ఒక మెట్టెక్కి, చివరికి ‘టేక్ ఆన్ మీ’ అయింది. 1983లో ముగ్గురూ ‘ఆ-హా’ పేరుతో లండన్ చేరారు. డెమో, అంటే నమూనా రికార్డింగ్, కోసం జాన్ రాట్‌క్లిఫ్ స్టూడియోని ఎంచుకున్నారు. అక్కడ స్పేస్ ఇన్వేడర్స్ ఆట మెషీన్ ఉందన్నదే కారణం! రాట్‌క్లిఫ్ ద్వారా మేనేజర్ టెరీ స్లేటర్ పరిచయమయ్యాడు. ఆ ఏడాది చివరికల్లా రికార్డు కంపెనీ వార్నర్ బ్రదర్స్‌తో ఒప్పందం కుదిరింది.

ముందు పాట లోపలి కట్టడం చూద్దాం. శ్రుతి ‘ఏ’ మేజర్, వేగం నిమిషానికి 169 దెబ్బలు. అంటే నాలుగు దెబ్బల ఆవృత్తం ఒకటిన్నర సెకను లోపే అయిపోతుంది. రిఫ్ కింద నడిచే కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, ‘బి మైనర్’, ‘ఈ’, ‘ఏ’, ‘డీ’. గమనించాల్సింది ఇక్కడే. పాటకి ఆధారమైన ‘ఏ’ కార్డు మొదట రాదు, మూడోది. ప్రతి చుట్టూ ఇంటి బయట మొదలై, లోపలికి ఓ అడుగు పెట్టి, మళ్లీ వెంటనే బయటికి వెళ్లిపోతుంది. అందుకే ఆ రిఫ్ ఎన్నిసార్లు తిరిగినా ఆగినట్టు అనిపించదు.

పల్లవి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వాయిద్యాలు పరిగెడుతుంటే గొంతు మాత్రం పొడుగాటి స్వరాలు పట్టుకుని నింపాదిగా పైకెక్కుతుంది. ‘ఏ’ స్వరాన్ని షడ్జంగా (‘స’) పెట్టుకుంటే మొదటి మాట ‘టేక్’ మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి ‘స’. రెండో మాట ‘ఆన్’కి ఒక్క గంతులో అదే స్థాయిలోని కాకలి నిషాదం, అంటే పై ‘స’కి ఆనుకుని కిందుండే ‘ని’. మూడోదానికి, ‘మీ’కి, మధ్య స్థాయి షడ్జం. నిషాదం దగ్గర చెవి పడే తహతహ షడ్జంతో తీరుతుంది. అక్కణ్ణుంచి మెట్టుమెట్టుగా ఎక్కి, పల్లవి చివర పలచటి ఫాల్సెటోలో (దొంగ గొంతులో) తార స్థాయి, అంటే పై స్థాయి, పంచమాన్ని (‘ప’) తాకుతుంది. మంద్ర షడ్జం నుంచి తార పంచమం దాకా, రెండున్నర స్థాయిలకి పైబడిన ప్రయాణమంతా ఒక్క పల్లవిలోనే!

కరావోకేలో ఈ పాట మనుషుల పరువు తీసేది కూడా ఈ కట్టడమే. పై స్వరం అందడం లేదని శ్రుతి మూడు మెట్లు దించితే, పల్లవిలోని తొలి మాట గొంతు అడుగుకి జారి గాలిగా మారిపోతుంది. కింద మాట వినపడాలని శ్రుతి పెంచితే పైన అరుపే మిగులుతుంది. ఎటు జరిపినా ఒక కొస తెగుతుంది. అందుకే చాలామంది మొదటి మాటని ఒక స్థాయి పైన పాడేస్తారు. అలా పాడితే ఆ పెద్ద గంతు పోతుంది, దాంతో పాటలో పసా పోతుంది.

మొదటి రికార్డింగ్ నిర్మాత టోనీ మాన్స్‌ఫీల్డ్. శబ్దాలని రికార్డు చేసుకుని మీటల మీద వాయించే ఫెయిర్‌లైట్ సీఎంఐ అనే శాంప్లింగ్ కంప్యూటర్ వాడకంలో ఆరితేరినవాడు. ఆ రికార్డుని రాట్‌క్లిఫ్ మళ్లీ మిక్స్ చేశాక 1984లో విడుదల చేశారు. నార్వేలో 3వ స్థానం దాకా వెళ్లింది, బ్రిటన్‌లో 137 దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు వింటే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. స్వరాలన్నీ ఉన్నాయి, బరువు లేదు. తాళం పలచగా టిక్కుటిక్కుమంటుంది. పల్లవి ఎక్కుతుంటే దానితోపాటు వాయిద్యాలు పెరగవు. కొండెక్కుతున్న గొంతుని ఒంటరిగా వదిలేసినట్టుంటుంది.

రెండో రికార్డింగ్ అలన్ టార్నీ చేతికి వెళ్లింది. బ్రిటిష్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ కోసం ‘వుయ్ డోంట్ టాక్ ఎనీమోర్’ రాసినవాడు కాబట్టి రేడియోలో ఏది నిలుస్తుందో బాగా తెలిసినవాడు. పాటని మార్చలేదు, దాని ఒళ్లు మార్చాడు. డ్రమ్ మెషీన్ లిన్‌డ్రమ్‌ని ముందుకు తెచ్చాడు. పాట మొదలయ్యేదే ఆ దరువుతో. రిఫ్‌ని మాగ్నే రోలాండ్ జూనో-60 మీద వాయించాడు. ఇది ఒకేసారి ఆరు స్వరాలు పలికే అనలాగ్ సింథసైజర్. దాని నాదం గుండ్రంగా, కాస్త వెచ్చగా ఉంటుంది. దీనికి తోడు యమహా డీఎక్స్7 ఉంది. మీట నొక్కగానే గంటలా ఠంగుమనే డిజిటల్ వాయిద్యం. మూడోది పీపీజీ వేవ్ అనే సింథసైజర్. గుండ్రటి నాదం ఒక్కటే ఉంటే రేడియోలో మొద్దుబారుతుంది, పదును ఒక్కటే ఉంటే చెవికి గుచ్చుకుంటుంది. ఈ రెంటి కలయికే రిఫ్‌కి నిలకడ ఇచ్చింది. వీటి మధ్యలో అకూస్టిక్ గిటార్ కూడా ఉంది. దాన్ని విడిగా పట్టుకోలేం గానీ, తీసేస్తే మొత్తం ప్లాస్టిక్ బొమ్మలా మారిపోయేది.

హార్కెట్ గొంతుని న్యూమన్ యూ47 మైకుతో పట్టి, మైకు శబ్దాన్ని పెంచే నీవ్ ప్రీ-యాంప్ గుండా పంపారు. ఇలాంటి పాటలో మైకు ఎంపిక చిన్న విషయం కాదు. అడుగు స్వరం దాదాపు మాట్లాడినంత మెల్లగా వస్తుంది, పై స్వరం పూర్తి ఒత్తిడితో వస్తుంది. మైకు సరిగా లేకపోతే కింద బొంగురు, పైన కీచు తప్ప ఏమీ మిగలదు.

ఇంత చేసినా 1985లో బ్రిటన్‌లో రెండో విడుదలా పడుకుంది. కంపెనీ లండన్ ఆఫీసు పెద్దగా పట్టించుకోలేదు. మంచి రికార్డు ఒక్కటే చాలదని దీంతో తేలింది. కథ మలుపు తిరిగింది అమెరికా వైపు నుంచి. అక్కడ వార్నర్‌లో జెఫ్ అయెరాఫ్ దీనికి మామూలు వీడియో పనికిరాదని గట్టిగా నిలబడ్డాడు. అంతకుముందు మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ వీడియో తీసిన స్టీవ్ బ్యారన్‌కి దర్శకత్వం అప్పగించారు. బొమ్మల పని మైకేల్ ప్యాటర్సన్, క్యాండేస్ రెకింజర్ జంటది. ప్యాటర్సన్ అంతకుముందు తీసిన ‘కమ్యూటర్’ అనే పొట్టి చిత్రమే ఈ శైలికి నమూనా.

పద్ధతి పేరు రోటోస్కోపింగ్. ముందు నిజం మనుషులతో సినిమా తీస్తారు. తర్వాత ఒక్కో ఫ్రేముని కాగితం మీద పడేలా చేసి, పెన్సిల్‌తో గీసి, ఆ బొమ్మలని వరసగా మళ్లీ ఫొటో తీస్తారు. ఇక్కడ వాడిన బొమ్మలు సుమారు 3000, పట్టిన సమయం 16 వారాలు. సెలవు లేకుండా లెక్కేసినా రోజుకి 27 బొమ్మలు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు నడుస్తుంది కాబట్టి, ఒక్కో బొమ్మకి ఒక్కో ఫ్రేము చొప్పున ఇవన్నీ రెండు నిమిషాల చిల్లరకే సరిపోతాయి. ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము విడిగా గీసినందువల్ల గీతలు ఒకదానిమీద ఒకటి కచ్చితంగా పడవు, సన్నగా వణుకుతుంటాయి. పొరపాటున వీటిని శుభ్రంగా, సాఫీగా గీసి ఉంటే మామూలు కార్టూన్ అయ్యేది. ఆ వణుకు వల్లే బొమ్మ వెనక ఊపిరి ఉన్నట్టు అనిపిస్తుంది.

అన్నిటికంటే గట్టి పనితనం వీడియోలో అద్దం లాంటి ఒక చట్రం దగ్గర కనిపిస్తుంది. హార్కెట్, వీడియోలో నాయిక బంటీ బెయిలీ చట్రానికి చెరోవైపు తిరుగుతుంటారు. చట్రం లోంచి చూస్తే నిజం మనిషి, చట్రం దాటితే పెన్సిల్ గీత. ఒకే దృశ్యంలో, కదులుతున్న మనిషి ముఖం సగం అటు సగం ఇటు ఉండాలి. గీత కాస్త పక్కకి జరిగినా కన్ను పసిగట్టేస్తుంది.

అమెరికన్ మ్యూజిక్ చానెల్ ఎంటీవీ ఈ వీడియోని పదేపదే వేసింది. అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో జూలైలో 91 దగ్గర అడుగుపెట్టిన పాట నెమ్మదిగా పాక్కుంటూ 1985 అక్టోబర్ 19న మొదటి స్థానం చేరింది. ఉన్నది ఒక్క వారమే అయినా, అమెరికాలో ఆ స్థానం అందుకున్న మొదటి నార్వే బ్యాండ్ ఇదే. బ్రిటన్‌లో మూడో విడుదల 2వ స్థానం దాకా వెళ్లి, జెన్నిఫర్ రష్ ‘ద పవర్ ఆఫ్ లవ్’ అడ్డం రావడంతో అక్కడే మూడు వారాలు ఆగింది. 1986లో ఎంటీవీ వీడియో అవార్డుల్లో ఆరు దక్కాయి. వాటిలో ఉత్తమ దర్శకత్వం, స్పెషల్ ఎఫెక్ట్స్ కూడా ఉన్నాయి.

ఇదే వీడియోని 1984 రికార్డింగ్‌కి తగిలిస్తే? జనం బొమ్మలని మెచ్చుకుని ఊరుకునేవారు, రేడియోకి ఫోన్ చేసి పాట అడిగేవారు కాదు. వీడియో మనుషులని టీవీ ముందు ఒకటి రెండుసార్లు కూర్చోబెడుతుంది. మూడు నెలలు జాబితాలో ఎక్కుతూ పోవాలంటే బొమ్మ లేకుండా కూడా పాట నిలబడాలి. అమెరికాలో ఈ గెలుపుకి బ్యాండ్ మూల్యమూ చెల్లించింది. బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లిన వాళ్ల తర్వాతి పాట ‘ద సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ’ అమెరికాలో 20 దగ్గరే ఆగింది. ఒక్క పాట బ్యాండ్ అన్న ముద్ర పడిపోయింది.

వినాలనుకునేవారు ముందు 1984 రికార్డు, వెంటనే 1985ది, తర్వాత 2017లో ఎంటీవీ వారి ‘అన్‌ప్లగ్డ్’ (అకూస్టిక్ వాయిద్యాల) కార్యక్రమం కోసం చేసిన నెమ్మది రూపం వినండి. చివరిదాంట్లో పరుగంతా తీసేశారు. దరువు లేని చోట ఆ మంద్ర షడ్జం, దాని మీది గంతు స్పష్టంగా తేలతాయి. చిన్న ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, ఆ అడుగు స్వరం అందులో సరిగా పలకదు.