మా మినీకి డిక్కీ తలుపు ఎప్పుడు కోశారు?

మా పాత మినీ కారు కొన్న పదకొండో రోజున బీమా కంపెనీ నుంచి ఫోను వచ్చింది. "మీ కారుకు తలుపులు ఎన్ని?" అని అడిగింది అవతలి అమ్మాయి. మూడు అన్నాను. "కాగితాల్లో రెండే ఉన్నాయి" అంది. నిజమే. వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రంలో 'రెండు తలుపుల సెలూన్', అంటే డిక్కీకి విడిగా మూత ఉండే కారు, అని రాసి ఉంది. నేను పంపిన ఫొటోలో మాత్రం కారు వెనక భాగం మొత్తం, అద్దంతో సహా, పైకి లేచి ఉంది. ఆ తలుపు ఎప్పుడు పెట్టారో, ఎవరు పెట్టారో రాసి పంపమంది. అది తేలేదాకా బీమా తాత్కాలికమే. ఇది 2023 మార్చి మాట. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

నేను ఇంగ్లండులోని కోవెంట్రీలో ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. పుట్టి పెరిగింది విజయవాడలో. మా బాబాయికి ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. వట్టి ఛాసిస్, ఇంజనుతో లారీ వచ్చేది, డ్రైవరు చెక్కపెట్టె మీద కూర్చుని నడుపుకుంటూ. కొన్ని వారాలు తిరిగేసరికి క్యాబిను, తొట్టి, నెమళ్లు, యజమాని పిల్లల పేర్లతో సహా బయటికి వెళ్లేది. ఇంగ్లండులో కార్లకు కూడా ఒకప్పుడు ఇదే పద్ధతి అని, రోల్స్‌రాయిస్ ఛాసిస్ కొనుక్కుని బాడీ మరోచోట కట్టించుకునేవారని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. 'కోచ్‌బిల్డర్' అనే మాట పుస్తకాల్లో ఎంత గంభీరంగా కనిపించినా, నాకు మాత్రం బాబాయి షెడ్డులో రేకు మీద పడే సుత్తి చప్పుడే వినిపిస్తుంది.

ఛాసిస్ వేరు, బాడీ వేరు అన్న రోజులు పోయాక ఆ పెద్ద షెడ్లకు పని తగ్గింది. అప్పుడు వాళ్ల చేతికి దొరికిన బండి మినీ. 1959 ఆగస్టు 26న మార్కెట్లోకి వచ్చింది. దాని డిజైనర్ అలెక్ ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టి, పది అడుగుల పొడవులో నలుగురికి చోటు చేశాడు. పన్నులతో కలిపి ధర 496 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు. గుమాస్తాలు, టీచర్లు కొనుక్కోవాలని చేసిన కారు. కానీ లండన్‌లో పార్కింగ్ ఇబ్బంది ధనవంతులకూ ఒకటే కదా. వాళ్లూ మినీ ఎక్కారు. ఎక్కాక తోలు సీట్లు లేవని, అద్దాలు చేత్తో జరపాలని చిరాకు పడ్డారు. హామర్‌స్మిత్‌లోని హెరాల్డ్ రాడ్‌ఫోర్డ్ కంపెనీ 1963లో 'మినీ డి విల్' పేరుతో ఆ చిరాకుకు మందు కనిపెట్టింది: వాల్‌నట్ చెక్క డాష్‌బోర్డు, తోలు సీట్లు, కరెంటుతో దిగే కిటికీ అద్దాలు, మడిచే టాపు. బిల్లు అసలు బండి ధరకు రెట్టింపు దాటేది. నటుడు పీటర్ సెల్లర్స్ అయితే హూపర్ కంపెనీలో తన మినీ పక్కలకు పేము బుట్ట అల్లిక వేయించుకున్నాడు. అది నిజం పేము కాదు, కుంచెతో గీసిన అల్లిక. బీటిల్స్ సంగీత బృందంలోని నలుగురికీ రాడ్‌ఫోర్డ్ మినీలు ఉండేవి. అందులో డ్రమ్మర్ రింగో స్టార్‌ది వేరు. డ్రమ్ముల సెట్టు పట్టాలని వెనక భాగం కోయించి పైకి లేచే తలుపు పెట్టించుకున్నాడు. ఆ బండిని 2017 డిసెంబరులో వేలం వేస్తే స్పైస్ గర్ల్స్ గాయని గెరీ హార్నర్ 1,02,300 పౌండ్లకు కొనుక్కుంది.

ఈ చివరి అంకె నా బుర్రలో ఉండబట్టే నేను మోసపోయాను. లేదా సగం మోసపోయాను. మాది 1966 నాటి ఆస్టిన్ మినీ కూపర్, 998 సీసీ, నంబరు చివర డి అక్షరం. ముదురు మెరూన్ రంగు. లోపల తోలు, చెక్క. వెనక పైకి లేచే తలుపు. దానికి ఇరువైపులా ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు లైట్లు, అచ్చం రింగో కారుకు ఉన్నట్టే. అమ్మిన పెద్దమనిషి ఆ లైట్లు చూపించి "రాడ్‌ఫోర్డ్ పని" అన్నాడు. కాగితాలేవి అంటే పాత యజమాని ఇల్లు మారినప్పుడు పోయాయన్నాడు. ఆ ఒక్క మాటకు ఆరు వేల పౌండ్లు ఎక్కువ ఇచ్చాను. బీటిల్ లైట్లు ఆ రోజుల్లో ఏ తుక్కు కొట్టులోనైనా దొరికేవన్న ఆలోచన ఇంటికి వచ్చాక గానీ రాలేదు.

సరే, పేరు సంగతి పక్కన పెట్టినా తేదీ సంగతి తప్పదు. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూడడానికి బ్రిటన్‌లో ఏటా ఎంఓటీ పరీక్ష చేయించాలి. నలభై ఏళ్లు దాటిన కార్లకు దాని నుంచి మినహాయింపు ఉంది. కానీ గత ముప్పై ఏళ్లలో బండిని గణనీయంగా మార్చి ఉండకూడదు. మినీకి విడిగా ఛాసిస్ లేదు. బాడీయే దాని ఎముకల గూడు. అలాంటి బాడీని కోయడం గణనీయమైన మార్పు కాక మరేమిటి? 1993కు ముందు కోశారా, తర్వాత కోశారా అన్నది ఇక్కడ చట్టం ప్రశ్న. వీ112 అనే పత్రం మీద మినహాయింపు కోరుతూ సంతకం పెట్టాల్సింది నేను. రుజువు చూపమని అక్కడ ఎవరూ అడగరు. అందుకే మరీ భయం.

మొదట గేడన్‌కు రాశాను. వార్విక్‌షైర్‌లో ఉన్న ఆ బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఆస్టిన్, మోరిస్ ఫ్యాక్టరీల పాత లెడ్జర్లు ఉన్నాయి. రుసుము కడితే బండి పుట్టుపూర్వోత్తరాలు రాసి సర్టిఫికెట్ ఇస్తారు. కొన్ని వారాలకు అందమైన కాగితం వచ్చింది. తయారైన తేదీ, ఇంజను నంబరు, ఏ డీలరుకు పంపారు, అన్నీ ఉన్నాయి. రంగు ఆల్మండ్ గ్రీన్, టాపు తెలుపు. ఛాసిస్ నంబరు సరిపోయింది. కొంచెం సంబరపడ్డాను. కానీ ఆ లెడ్జరు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతుంది. గేటు దాటాక ఎవరు కోశారో, ఎవరు కుట్టారో దానికి తెలియదు. ఆధార్ కార్డు చూసి ఎవరి దగ్గర సంగీతం నేర్చుకున్నావని అడిగినట్టయింది నా పని.

పాత ఎంఓటీ వివరాలు ఆన్‌లైన్‌లో 2005 నుంచే ఉన్నాయి. వాటిలో టైర్లు, బ్రేకులు, తుప్పు గురించే తప్ప తలుపు ముచ్చట లేదు. ఇక మిగిలింది బండి ఒక్కటే. దాన్నే అడగాలి.

ఒక ఆదివారం గ్యారేజీలో ఫోను స్టాండుకు పెట్టి బాబాయికి వీడియో కాల్ చేశాను. షెడ్డు మూసేసి పన్నెండేళ్లయింది. కళ్లజోడు తుడుచుకుని, "ఒరేయ్, ముందు అయస్కాంతం తీసుకురా" అన్నాడు. ఫ్రిజ్ మీది తిరుపతి బొమ్మ తెచ్చాను. "దేవుణ్ణి తుప్పుకు రుద్దుతావా? ఇంకోటి తే" అన్నాడు. మా అమ్మాయి అక్షరాల అయస్కాంతాల్లోంచి ఒక పచ్చ రంగు 'అ' తెచ్చి, తలుపు చుట్టూ అంగుళం అంగుళం జరిపాను. పైన టాపు అంచు దగ్గర రెండు మూలల్లో 'అ' జారి కింద పడింది. కింద లైట్ల దగ్గర కూడా పడింది. ఆ నాలుగు చోట్లా రేకు పైన ఇంకేదో ఉంది.

"పై మూల బ్లేడుతో మెల్లగా గీకు. ముక్కుకు గుడ్డ కట్టుకో."

మెరూన్ కింద ఆకుపచ్చ రాలేదు. బూడిద రంగు ప్రైమర్, దాని కింద వెండిలా తళుక్కుమంటూ మెత్తటి లోహం. బ్లేడుకు వెన్నలా లేచింది. సీసం. తగరం కలిపిన సీసపు కడ్డీని 183 డిగ్రీలు దాటించి మెత్తబడేలా వేడి చేసి, కొవ్వు రాసిన చెక్కతో అద్ది, చల్లారాక ఆకురాయితో నున్నగా చేస్తారు. మరీ వేడెక్కితే మొత్తం కారి నేల మీద పడుతుంది. ఆ అంచున చెయ్యి నిలబడాలంటే ఏళ్లు పడుతుంది. దాని పక్కనే, చట్రం అతుకులో సన్నటి పసుపు గీత కనిపించింది. "ఇత్తడి" అన్నాడు బాబాయి, తెర మీదికి వంగి. "గ్యాస్ పెట్టి అతికారు. గీత చూడు, ఎక్కడా వణకలేదు."

కింది మూలలు గీకితే గులాబీ రంగు పొడి రాలింది. అది పుట్టీ. దాని వెనక బుడిపెలు బుడిపెలుగా తీగ వెల్డింగు. "ఇది వేరేవాడి పని. తుప్పు పడితే తర్వాత ఎప్పుడో అతుకు వేశారు. ఇద్దరు మేస్త్రీలు, రెండు కాలాలు."

"అయితే పైది అరవైల నాటిదేనా బాబాయ్?"

"సీసం చూసి సంవత్సరం చెప్పకు. సీసమే వాడతాననే మొండి మేస్త్రీ ఏ కాలంలోనైనా ఉంటాడు." కాసేపు ఆగి, "లోపల నడుము ఎలా కట్టాడో చూపించు" అన్నాడు.

ఈ నడుము సంగతి కొంచెం చెప్పాలి. అసలు మినీ డిక్కీ మూత చిన్నది, కింద మడతబందులతో బయటికి వాలుతుంది. దానికి పైన అడ్డంగా ఒక రేకు, ఆ పైన వెనక అద్దం. లోపల వెనక సీటు వీపు వెనక రేకు గోడ, దాని మీద సామాన్ల అర. ఇవన్నీ కలిసి కారు రెండు పక్కలనూ పట్టి ఉంచుతాయి. తలుపు కోసం వీటిని తీసేస్తే మూత లేని అట్టపెట్టెలా పక్కలు ఊగుతాయి. మా బండిలో కోసినవాడు ఖాళీ చుట్టూ పెట్టె గొట్టంతో కమాను కట్టి, దాన్ని కింద సబ్‌ఫ్రేము, అంటే వెనక చక్రాలను మోసే చట్రం, బిగించే చోటి దాకా దింపాడు. బాబాయి ఆ కమానును మూడుసార్లు చూపించమన్నాడు. "లారీ తొట్టికి నేనూ ఇలాగే కట్టేవాణ్ణి" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

అసలు సాక్ష్యం మరుసటి వారం దొరికింది. తలుపు లోపలి తోలు అట్ట విప్పితే, గడియ కడ్డీ గడగడలాడకుండా దాని పక్కన మడిచి కుక్కిన కాగితం ముద్ద ఉంది. ఆవిరి కెటిల్ దగ్గర పట్టుకుని, ఒక పూట పట్టి విప్పాను. ఇంగ్లీషు దినపత్రిక ముక్క. తేదీ ఉండాల్సిన మూల చిరిగిపోయింది. ఒకవైపు ఫుట్‌బాల్ స్కోర్లు సగం, రెండోవైపు ఆడవాళ్ల చెప్పుల ప్రకటన. జోడు ధర 39/6. 39 పౌండ్లా అనుకున్నాను ముందు. కాదు, 39 షిల్లింగుల 6 పెన్నీలు.

బ్రిటన్‌లో 1971 ఫిబ్రవరి 15న షిల్లింగులు పోయి దశాంశ లెక్క వచ్చింది. అంతకుముందు పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. బాబాయికి ఈ మాట చెబితే వెంటనే అందుకున్నాడు. 1957 ఏప్రిల్‌లో అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు ఆయనకు ఏడేళ్లు. కొట్టువాడు లెక్క తప్పించి బెల్లం ముక్క తక్కువ ఇచ్చాడట. ఆ బాధ ఇంకా తీరలేదు. "పాత పేపరు తర్వాత కూడా కుక్కి ఉండొచ్చు కదా?" అన్నాను. "షెడ్డులో పేపరు ఎన్నాళ్లు ఉంటుందిరా? మధ్యాహ్నం మిర్చి బజ్జీ తినేదాకా" అన్నాడు. ఇంగ్లండులో చేపా చిప్స్ అనుకోవాలి.

1993కు ముందు కోశారనడానికి నాకిది చాలు. రాడ్‌ఫోర్డ్ అనడానికి మాత్రం చాలదు. ఆ కంపెనీ బండ్లు ఎన్నో విప్పి చూసిన ఒక పెద్దాయనకు ఫొటోలు పంపాను. రెండే వాక్యాలు రాశాడు: మడతబందులు వాళ్లవి కావు. పని బాగుంది. అమ్మినాయనకు ఫోను చేస్తే, తనకూ అలాగే చెప్పి అమ్మారన్నాడు. ఆరు వేల పౌండ్ల మీద అక్కడే నీళ్లు వదులుకున్నాను. రెండు రోజులు అన్నం సయించలేదని ఒప్పుకుంటాను.

తర్వాతవి చకచకా జరిగాయి. ఫొటోలు, పేపరు ముక్క నకలు, గేడన్ సర్టిఫికెట్ జతచేసి బీమావాళ్లకు పంపితే 'మార్పు: 1971కు ముందు, చేసినవారు తెలియదు' అని రాసుకుని విలువ తగ్గించి ఒప్పుకున్నారు. బండ్ల రిజిస్ట్రేషన్లు చూసే, స్వాన్సీలోని డీవీఎల్ఏ కార్యాలయానికి ఉత్తరం రాశాను. కొత్త వీ5సీలో బాడీ రకం మారి వచ్చింది. వీ112 మీద చెయ్యి వణకకుండా సంతకం పెట్టాను. పెట్టి కూడా ఎంఓటీ పరీక్ష చేయించాను. మినహాయింపు కాగితానికి కానీ బ్రేకులకు కాదు. కింది మూలల పుట్టీ అంతా రాల్చి, తుప్పు కోసి, మంచి రేకు వేయించాను. పై మూలల సీసం జోలికి ఎవరినీ పోనివ్వలేదు.

అక్టోబరులో తోలు అట్ట తిరిగి బిగించే రోజు. గడియ కడ్డీ మళ్లీ గడగడలాడుతోంది. పాత పేపరు ముక్కను ప్లాస్టిక్ సంచిలో పెట్టి కడ్డీకి దూరంగా అతికించాను. దాని స్థానంలో కుక్కడానికి ఏదో ఒకటి కావాలి. వంటింట్లో, అమ్మ పంపిన ఆవకాయ సీసాలకు చుట్టిన తెలుగు పేపరు ఉంది. విజయవాడ ఎడిషన్, పై వరుసలో తేదీ చక్కగా కనిపిస్తోంది. ఆ మూల చిరగకుండా మడిచి లోపలికి తోస్తుంటే ఫోనులోంచి బాబాయి అరిచాడు.

"నూనె మరక ఉన్న వైపు రేకుకు తగలనీయకు!"