ఔటర్ మీద మూడో లైను

సూర్యాపేట నుంచి పెద్ద అంబర్‌పేట దాకా ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొర్లపహాడ్‌లో ఒక టోలు, చిట్యాలలో టీ, పంతంగిలో ఇంకో టోలు. రెండు చోట్ల కట్టాక హైదరాబాద్ చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డుకు మళ్లీ వేరే టోలు. ఇంత కట్టి ఎక్కిన రోడ్డు మీద, నానక్‌రామ్‌గూడలో దిగేదాకా సాగిన 60 కిలోమీటర్లు మాత్రం నెల దాటినా నన్ను వదలడం లేదు.

నాయినకు కుడికంట్లో శుక్లం. నల్లగండ్లలో అక్కావాళ్లింట్లో ఉండి ఆపరేషన్ చేయించాలని బయల్దేరాం. నాయిన ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరు. ఎడమ కన్ను కూడా అంతంత మాత్రమే కావడంతో దారిలో బోర్డులన్నీ నాతో చదివించుకుంటున్నాడు.

"గా నీలం బోర్డు మీద ఏం రాసిర్రు?"

"మొదటి రెండు లైన్లకు నూట ఇరవై, మూడు నాలుగు లైన్లకు ఎనభై, నాయినా."

"ఒకటో లైనంటే యాడికెల్లి లెక్క?"

"డివైడర్ కాడికెల్లి."

కొత్త రూటు డ్యూటీ పడ్డప్పుడు స్టేజీల పేర్లు చెప్పుకున్నట్టు పెదాల కిందే ఒకసారి చెప్పుకున్నాడు. ఔటర్ మొత్తం 158 కిలోమీటర్లు, ఒక్కో వైపు నాలుగు లైన్లు. 2023లో వేగం పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. 40 కంటే తక్కువ వేగంతో పోయే బండ్లు రాకూడదు, టూ వీలర్లు అసలే రాకూడదు. నెమ్మదిగా పోయేవాళ్లు ఎడమకు, వేగంగా పోయేవాళ్లు కుడికి. బోర్డులో తప్పేమీ లేదు.

బొంగుళూరు దాటేదాకా రెండో లైనులో 105 మీద హాయిగా పోయాం. అక్కడ ముందు బండ్ల బ్రేక్ లైట్లు వరసగా వెలిగాయి. రెండో లైనులో ఇనుప చువ్వల లోడు లారీ. దాన్ని దాటాలని ఒకటో లైనులోకి వచ్చిన ఇంకో లారీ, మీద టార్పాలిన్. నా మీటరు 55 చూపిస్తోంది. ఆ రెండో లారీ మహా అయితే 57లో ఉంటుంది. రెండూ పక్కపక్కనే, దాటేదీ లేదు, వెనక్కి తగ్గేదీ లేదు. మా ఎడమ పక్కన మూడు, నాలుగు లైన్లు మైదానంలా ఖాళీగా ఉన్నాయి.

చువ్వలు లారీ వెనక నుంచి బారెడు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. చివర కట్టిన ఎర్రగుడ్డ ఎండకు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. ఒక టెయిల్ ల్యాంప్ పగిలిపోతే ఆ బల్బు మీద ఎర్ర పాలిథిన్ కవరు చుట్టి బైండింగ్ వైరుతో కట్టారు. గతుకు వచ్చినప్పుడల్లా చువ్వల చివరలు కిందికీ పైకీ ఊగుతుంటే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. వెనకనుంచి ఒక తెల్ల కారు ఆపకుండా డిప్పర్ కొడుతోంది.

"లైట్లేస్తే ఏం జెయ్యాల్నంట? దూరం పెట్టు, ఇంకింత దూరం పెట్టు," అన్నాడు నాయిన. చువ్వలు సరిగ్గా కనబడకపోయినా, ఇనుము చప్పుడు విని చెప్పాడాయన.

నాలుగు నిమిషాలు అలాగే పోయాం. వెనకున్న కార్లు ఒక్కొక్కటే ఎడమకు కోసి మూడో లైనులోంచి దూసుకుపోతున్నాయి. చివరికి నేనూ ఇండికేటర్ వేసి మూడో లైనులోకి దిగాను. రెండు లారీలనూ దాటేసరికి మీటరు 96. మళ్లీ రెండో లైనులోకి వచ్చేశాను.

నాయిన కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "ఎడమ దిక్కు నుంచి ఓవర్‌టేక్ జేసినవ్," అన్నాడు.

ఆ మాట నాకు బాగా తగిలింది. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన బస్సులో హైదరాబాద్ వచ్చేవాణ్ణి. అప్పుడు సూర్యాపేట హైవే రెండు లైన్ల రోడ్డే. నార్కట్‌పల్లి దగ్గర గడ్డి ట్రాక్టరు వెనక పడితే, ఎదురుగా రోడ్డు పూర్తిగా కనబడేదాకా ఆయన స్టీరింగ్ తిప్పేవాడు కాదు. వెనక సీట్లలోంచి జనం కేకలేసేవాళ్లు. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే ఒక్కటే మాట: "ఆళ్లు ఇమ్లీబన్ బస్టాండ్ల దిగి పోతరు. స్టీరింగ్ నా చేతుల ఉంటది గదా." అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నేను ఎడమనుంచి దూరాను.

కానీ నేను చేయగలిగింది ఇంకేముంది? 120లో వచ్చే కారు సెకనుకు 33 మీటర్లు ముందుకొస్తుంది. 40లో పోయే లారీ 11 మీటర్లు కదులుతుంది. రెండూ ఒకే లైనులో ఉంటే మధ్యలో ఉన్న వంద మీటర్లు ఐదు సెకన్లలో కరిగిపోతాయి. డ్రైవరు ఒకసారి ఫోను వైపు చూసి తలెత్తేంత సేపు. లైన్లను విడదీసింది ఈ ఐదు సెకన్ల ప్రమాదం రాకుండా ఉండటానికే. కుడి రెండు లైన్లకు నూట ఇరవై ఇచ్చి, ఆ లైన్లలోంచి లారీలను తీయకపోతే, పాత 100 ఉన్నప్పటికంటే ఎక్కువ ప్రమాదాన్ని మన చేతికి ఇచ్చినట్టే. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది.

రావిర్యాల దాటాక ఎగ్జిట్ తప్పిన ఒక కారు అంచున రివర్స్‌లో వస్తోంది. పెద్ద గోల్కొండ తర్వాత ఎయిర్‌పోర్టుకు పరుగెత్తే క్యాబులు. కెమెరా ఉన్న చోట అందరూ ఒక్కసారిగా బ్రేకు తొక్కడం, దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కి పోవడం. అప్పా (పోలీస్ అకాడమీ) జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి నా మెడ పట్టేసింది.

ఆపరేషన్ మర్నాడే అయిపోయింది, ఇబ్బందేమీ లేదు. నల్లగండ్ల నుంచి ఆసుపత్రికి రెండుసార్లు తిరిగాం. 2019 నవంబరులో పైనుంచి కారు కిందపడి ఒకామె చనిపోయిన బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద, ఆ మలుపులో ఇప్పటికీ నా చేతులు స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుంటాయి. ఆ తర్వాత అక్కడ 40 పరిమితి పెట్టారు. ఆ 40 ఎందుకో నాకు అర్థమవుతుంది, సంతోషంగా పాటిస్తాను.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు మెసేజ్ వచ్చింది. ఓవర్ స్పీడ్, జరిమానా వెయ్యి, యూజర్ ఛార్జీలు 35, మొత్తం 1,035. ఫొటో తెరిచి వేళ్లతో పెద్దది చేశాను. మూడో లైనులో నా కారు, కింద 96. ఫొటో కుడి అంచున సగం తెగిపోయి ఒక టార్పాలిన్ మూల, దాని పక్కన చువ్వల చివరలు, గాలికి లేచిన గులాబీ గుడ్డ.

ఆ ఫొటోను ఎంతసేపు చూశానో. 96 రెండో లైనులో తప్పు కాదు, మూడో లైనులో తప్పు. 55 మూడో లైనులో తప్పు కాదు, రెండో లైనులోనూ కెమెరాకు తప్పు కాదు, ఎందుకంటే అది 40కి పైనే. నేను తప్పు లైనులో వేగంగా పోయాను, ఒప్పుకుంటున్నాను. నన్ను ఆ లైనులోకి నెట్టిన లారీలు అదే ఫొటోలో ఉన్నాయి. కెమెరా వాటిని చూసింది కూడా. కానీ అంకెను కొలిచే యంత్రానికి చోటు పట్టదు. అలాంటప్పుడు లైనుకో వేగం అని బోర్డు మీద రాయడం దేనికి?

బావ ఫోను చూసి, "ఆగు బామ్మర్దీ, అప్పుడే కట్టకు. డిస్కౌంట్ వస్తది," అన్నాడు. ఆయన మాట తీసేయలేం. 2022లో ఇచ్చారు, 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చారు, టూ వీలర్లకు 80 శాతం, కార్లకు 60 శాతం. ఎప్పటికప్పుడు కట్టినవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. దాంతో ఆగమని సలహా ఇవ్వడం మన ఇళ్లలో మామూలైపోయింది. నాకిది చాలా బాధగా ఉంటుంది. అక్కడే కూర్చుని 1,035 కట్టేశాను.

నాలుగో రోజు తిరుగు ప్రయాణం. నాయిన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నానక్‌రామ్‌గూడలో ఔటర్ ఎక్కగానే మూడో లైను పట్టుకుని 80 దాటకుండా పోయాను. 120లో అరగంట పట్టే దారి ఎనభైలో ముప్పావుగంట, అంటే పావుగంటే తేడా. అక్కడక్కడా కుడి లైన్లలో లారీలు కనిపిస్తూనే ఉన్నాయి, వెనక డిప్పర్లు కొడుతున్న కార్లు కూడా.

శంషాబాద్ దాటాక నీలం బోర్డు వచ్చింది. అలవాటుగా నేను నోరు తెరిచేలోపే నాయిన చెయ్యెత్తి ఆపి, కళ్లద్దాలు నుదుటి మీదికి జరుపుకున్నాడు.

"ఆగు, నేను జదువుత," అన్నాడు. "ఒకటి, రెండు... నూట ఇరవై. మూడు, నాలుగు... ఎనభై. మనం యాడున్నం?"

"మూడుల."

"ఊ," అని మళ్లీ కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు.