మొదటి ఆపరేషన్‌కు ముందే తేలవలసిన రోగం

మూత్రాశయం, మూత్రపిండం, ప్రోస్టేట్, వృషణాలు, గర్భాశయం వంటి అవయవాల క్యాన్సర్లలో అత్యధికం లోపలి పొరల నుంచో, గ్రంథుల నుంచో, బీజకణాల నుంచో పుడతాయి. అవే అవయవాల కండరంలోనో, కొవ్వులోనో, వాటిని పట్టి ఉంచే కణజాలంలోనో పుట్టే సార్కోమాలు చాలా అరుదు. పెద్దవారి క్యాన్సర్లలో మృదుకణజాల సార్కోమాలన్నీ కలిపినా సుమారు 1 శాతమే. ఈ అవయవాలకు చెందినవి అందులోనూ కొద్దిపాటివి. నా దృష్టిలో చికిత్సకు అసలు చిక్కు ఈ అరుదుతనమే. వైద్యులు తరచుగా చూసే జబ్బునే ముందుగా అనుమానించడం సహజం కాబట్టి, దానికి తగిన ఆపరేషన్ అయిపోయి, పాథాలజీ నివేదిక వచ్చాక గానీ సార్కోమా అన్న సంగతి బయటపడని సందర్భాలు ఎన్నో ఉంటాయి.

వృషణం పక్కన, దానికి రక్తనాళాలను తెచ్చే కాడను అంటిపెట్టుకొని పెరిగే నొప్పిలేని గడ్డను హెర్నియా అనో, వరిబీజం అనో భావించడం ఇందుకు ఉదాహరణ. పెద్దవారిలో అక్కడ ఎక్కువగా కనిపించే సార్కోమా లైపోసార్కోమా, అంటే కొవ్వు కణజాలపు సార్కోమా. దీనికి గజ్జ దగ్గర కోసి, వృషణాన్నీ కాడనూ పైదాకా ఒకే ముక్కగా తీయాలి. వృషణాల సంచిని కోసి గడ్డను మాత్రమే ఒలిచి తీస్తే రోగం మిగిలిపోతుంది. ఎందుకంటే సార్కోమా చుట్టూ పొరలా కనిపించేది నిజమైన పొర కాదు. ఒత్తిడికి అణగిన కణజాలం, అందులో క్యాన్సర్ కణాలూ ఉంటాయి. అంచుల్లో కణాలు మిగలకుండా చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణజాలంతో సహా తీయడమే ఈ చికిత్సకు మూలం.

గర్భాశయంలో పరిస్థితి మరింత క్లిష్టం. అక్కడి కండరంలో పుట్టే సార్కోమా అయిన లియోమయోసార్కోమాను, క్యాన్సర్ కాని కండరపు గడ్డ అయిన ఫైబ్రాయిడ్ నుంచి స్కానింగ్‌లో ఖచ్చితంగా వేరుచేయడం చాలాసార్లు సాధ్యం కాదు. ఫైబ్రాయిడ్ అనుకొని యంత్రంతో పొట్టలోనే ముక్కలు చేసి తీస్తే, లోపల దాగి ఉన్న సార్కోమా పొట్టంతా చెదిరిపోవచ్చు. ఫైబ్రాయిడ్ల కోసం ఆపరేషన్ చేయించుకొనే సుమారు 350 మంది స్త్రీలలో ఒకరికి అనుమానించని సార్కోమా ఉండవచ్చని అంచనా వేసి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో ఈ పద్ధతిపై హెచ్చరిక జారీ చేసింది. ఇంకొక విషయం: లియోమయోసార్కోమా ప్రధానంగా రక్తం ద్వారా ఊపిరితిత్తులకు పాకుతుంది కనుక, వాపు లేని లింఫ్ గ్రంథులను అలవాటుగా తీసివేయడం వల్ల ప్రయోజనం లేదు.

రేడియేషన్ విషయంలో అతిగా ఆశించకూడదు. గర్భాశయ లియోమయోసార్కోమాకు ఆపరేషన్ తరువాత కటిభాగానికి రేడియేషన్ ఇచ్చి చూసిన యూరప్ ప్రయోగంలో ఆయుష్షు పెరగలేదు. వ్యాపించిన రోగానికి దశాబ్దాలుగా డాక్సోరుబిసిన్ మందే ఆధారం. గుండె కండరాన్ని దెబ్బతీసే గుణం ఉన్నందున దాని మొత్తం మోతాదుకు హద్దు ఉంటుంది. దానికి ట్రాబెక్టెడిన్ అనే మరో కీమోథెరపీ మందును జోడించి లియోమయోసార్కోమా రోగులకు ఇచ్చిన ఫ్రాన్స్ ప్రయోగంలో మధ్యస్థ ఆయుష్షు (రోగుల్లో సగం మంది బతికి ఉన్న కాలం) 24 నెలల నుంచి 33 నెలలకు పెరిగిందని 2024లో వెల్లడైంది. ఇది చిన్న లాభం కాదు, అయితే రక్తకణాలు పడిపోవడం వంటి దుష్ప్రభావాలూ ఆ జోడింపుతో పెరిగాయి. హార్మోన్లకు స్పందించే తక్కువ స్థాయి (నెమ్మదిగా పెరిగే) ఎండోమెట్రియల్ స్ట్రోమల్ సార్కోమా, అంటే గర్భాశయపు లోపలి పొరకు ఆధారమైన కణజాలంలో పుట్టే సార్కోమా, దారి వేరు. అక్కడ ఈస్ట్రోజన్‌ను అణచే మాత్రలే ఉపయోగపడతాయి.

పిల్లల్లో మూత్రాశయానికీ ప్రోస్టేట్‌కూ వచ్చే రాబ్డోమయోసార్కోమా (ఎముకలను కదిలించే కండరాన్ని పోలిన కణాల సార్కోమా) కీమోథెరపీకి బాగా లొంగుతుంది. ఒకప్పుడు అవయవాలను పూర్తిగా తొలగించేవారు; 1972లో అమెరికాలో మొదలైన సమష్టి ప్రయోగాల పరంపర తరువాత విన్‌క్రిస్టిన్, యాక్టినోమైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ మందులతో, రేడియేషన్‌తో చాలామందికి మూత్రాశయాన్ని కాపాడగలుగుతున్నారు.

అందువల్ల అసాధారణమైన గడ్డ అని ఏ మాత్రం సందేహం ఉన్నా, కత్తి పెట్టకముందే సార్కోమా వైద్య బృందం చేత స్కానింగ్‌ను పరిశీలింపజేయాలి. బయాప్సీ జరిగితే, ఆ స్లైడ్లను ఈ రోగాలను తరచుగా చూసే పాథాలజిస్టుకు మరొకసారి చూపించాలి. చికిత్స అయ్యాక ఛాతీ సీటీ స్కాన్‌లు తప్పనిసరి. తక్కువ స్థాయి రకాలు పదేళ్ల తరువాత కూడా తిరగబెట్టవచ్చు కాబట్టి, అయిదేళ్లు గడిచాయని పరీక్షలు మానివేయకూడదు.