లక్ష డాలర్ల జీతం, నాలుగు స్కూల్ ఫీజులు

యూదులు అనగానే మనవాళ్ళలో చాలామందికి ముందు గుర్తొచ్చేది డబ్బే. వడ్డీ వ్యాపారాలు, బ్యాంకులు, హాలీవుడ్, ఇక వాట్సాప్‌లో అయితే "జనాభాలో ఇంత శాతం, నోబెల్ ప్రైజుల్లో అంత శాతం" అని తిరిగే మెసేజ్‌లు చెప్పక్కర్లేదు. నేనుండేది న్యూజెర్సీలో, ఎడిసన్. పక్కనే హైలాండ్ పార్క్, అక్కడ ఆర్థడాక్స్, అంటే ఆచారాలు గట్టిగా పాటించే యూదు కుటుంబాలు చాలా ఎక్కువ, శనివారం పొద్దున మనం కారేసుకుని పటేల్ షాపుకి కూరగాయలకి పోతుంటే వాళ్ళు పిల్లాజెల్లా అందరూ తెల్ల చొక్కాలేసుకుని సినగాగ్‌కి, అంటే వాళ్ళ గుడికి, నడిచిపోతుంటారు. మా ఆఫీసులో ఒకాయనది ఆ ఊరే, నలుగురు పిల్లలు, లంచ్ టేబుల్ దగ్గర ఆయనా నేనూ ఎప్పుడు కూర్చున్నా మాట చివరికి ఖర్చుల మీదకే పోతుంది, మనకీ వాళ్ళకీ అది కామన్ టాపిక్ లెండి. అలా విని విని, కనపడిందల్లా చదివి చదివి నాకొక అభిప్రాయం ఏర్పడింది, అదే శనివారం విశ్రాంతి, అదే కోషర్ (మత నియమాల ప్రకారం చేసిన) వంట, అవే పండగలు, కానీ ఆ బతుక్కి బిల్లు ఎవరు కడతారన్నది మాత్రం దేశానికో రకం.

ముందు సంపాదన సంగతి చూద్దాం, ఎందుకంటే పేరు ఊరికే రాలేదు. ప్యూ రీసెర్చ్ అనే సర్వేల సంస్థ వాళ్ళు 2020లో చేసిన సర్వేలో అమెరికా యూదుల్లో సగం పైగా ఏడాదికి లక్ష డాలర్లు దాటిన ఇళ్ళవాళ్ళే. రెండు లక్షలు దాటినవాళ్ళు 23 శాతం, మొత్తం అమెరికన్లలో చూస్తే అది 4 శాతమే. మనకేం తక్కువ కాదులెండి, అదే సంస్థ 2014లో మతాలవారీగా లెక్కలు తీస్తే లక్ష దాటినవాళ్ళలో యూదులు 44 శాతంతో మొదట, హిందువులు 36 శాతంతో ఆ తర్వాత. కారణాలు కూడా దగ్గరదగ్గరే, చదువులు, పెద్ద సిటీల చుట్టూ ఉండటం, డాక్టర్, లాయర్, సాఫ్ట్‌వేర్ లాంటి ఉద్యోగాలు. కానీ అదే 2020 సర్వేలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. నలుగురిలో ఒకరు ఆ ముందు ఏడాదిలో అద్దెకో, ఆసుపత్రి బిల్లుకో, తిండికో, అప్పుకో డబ్బులు సర్దలేక ఇబ్బంది పడ్డామని చెప్పారు. పదిమందిలో ఒకరి ఇంటి ఆదాయం 30 వేల లోపే.

మా ఆఫీసాయన లక్ష దాటిన బ్యాచే, భార్య కూడా ఉద్యోగమే. ఐనా ఆయన పదేళ్ళ కారు మార్చడు. కారణం స్కూల్ ఫీజు. పిల్లలు హీబ్రూ, తోరా (వాళ్ళ ధర్మశాస్త్రం) నేర్చుకోవాలి, శుక్రవారం త్వరగా వదలాలి, పండగలకి సెలవులుండాలి అంటే యూదు ప్రైవేట్ స్కూలే గతి, మా వైపు చిన్న క్లాసులకే ఏడాదికి 20 వేల డాలర్ల చుట్టూ ఉంటుంది, హైస్కూల్‌కొచ్చేసరికి 30 వేలు దాటటం మామూలే. నలుగురైతే మీరే లెక్కేసుకోండి, అదీ ట్యాక్స్ కట్టగా మిగిలిన డబ్బులోంచి. పైగా న్యూజెర్సీ ప్రాపర్టీ ట్యాక్స్ దేశంలోనే టాప్, ఇంటికి సగటున 10 వేల డాలర్ల దగ్గర, అందులో పెద్ద భాగం పోయేది పబ్లిక్ స్కూళ్ళకి, అంటే తన పిల్లలు అడుగు కూడా పెట్టని బడికి ఒకసారి, పెట్టే బడికి ఇంకోసారి కడుతున్నాడన్నమాట. ఫీజు తగ్గించమని అడగొచ్చు, కమిటీ ఉంటుంది, కానీ ట్యాక్స్ రిటర్న్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అన్నీ ముందు పెట్టాలి, రేపు సినగాగ్‌లో పక్క సీట్లో కూర్చునేవాడికి మన జీతం తెలుస్తుంది, అది ఎంత ఇబ్బందో ఊహించుకోండి. 2023లో ఫ్లోరిడా ప్రభుత్వం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రైవేట్ స్కూల్‌కి వెళ్ళే పిల్లలకి తలా 8 వేల డాలర్ల చుట్టూ ఇవ్వటం మొదలెట్టింది, అప్పట్నుంచి ఈయన నోట్లో ఫ్లోరిడా మాట ఎక్కువైపోయింది.

ఇల్లు ఇంకో గోల. షబ్బాత్, అంటే శనివారం విశ్రాంతి రోజు, కారు నడపకూడదు, కాబట్టి సినగాగ్‌కి నడిచే దూరంలోనే ఇల్లు కొనాలి, అందరూ అక్కడే కొనాలి, ఇక రేట్లు ఎలా ఉంటాయో చెప్పేదేముంది. చిన్నపిల్లలున్నోళ్ళకి ఏరూవ్ లోపల ఉండాలి అది ఇంకో రూలు. కరెంటు స్తంభాల మీదుగా తీగలతో ఊరి చుట్టూ కట్టిన హద్దు అది, దాని లోపలైతేనే శనివారం పిల్లాణ్ణి స్ట్రోలర్‌లో తోసుకెళ్ళొచ్చు. ఇక తిండి. కోషర్ మాంసం మామూలు షాపు రేటు మీద బాగా ఎక్కువ, పాలకీ మాంసానికీ వేరువేరు గిన్నెలు, పస్కా పండగకి మళ్ళీ ఇంకో రెండు సెట్లు, ఆ వారం తినే చేత్తో చేసిన మాట్జా రొట్టె పౌను 30 డాలర్లకి అటూఇటూ. నీళ్ళూ పిండీ కలిపితే అంతే అది, నేనొకసారి తిన్నాను, కాల్చిన అట్టముక్కలా ఉంది, మూడు గిన్నెల పప్పు వేసుకున్నా దిగదు.

పెళ్ళయిన ఆడవాళ్ళు జుట్టు కప్పుకోవాలి, చాలామంది విగ్ పెట్టుకుంటారు, షైతెల్ అంటారు, మంచిది వెయ్యి నుంచి మూడు నాలుగు వేల డాలర్ల దాకా ఉంటుంది. ఇక్కడ మనకి డైరెక్ట్ సంబంధం ఉంది. 2004 మేలో జెరూసలేంలో యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ అనే రబ్బీ (మతగురువు) భారతదేశం నుంచొచ్చే జుట్టుతో చేసిన విగ్గులు వాడకూడదని తీర్పు చెప్పాడు, ఎందుకంటే ఆ జుట్టు తిరుమలలో మనోళ్ళు ఇచ్చిన తలనీలాలు, విగ్రహారాధనలో భాగం కాబట్టి దాంతో లాభం పొందకూడదని. అంతే, బ్రూక్లిన్ వీధుల్లో, ఇజ్రాయెల్‌లో విగ్గులు కుప్పపోసి తగలబెట్టారు. మా ఆఫీసాయన వాళ్ళ వదిన కూడా రెండు తీసేసిందట, ఒక్కోటీ ఒక నెల ఇంటద్దె. కొండ మీద మొక్కు తీర్చుకుని గుండుతో దిగివచ్చిన మనిషికి తన జుట్టు వల్ల అక్కడో ఇంటి బడ్జెట్ తలకిందులైందని తెలిసే ఛాన్సే లేదు కదా.

ఇదే కుటుంబం లండన్‌లో ఉంటే? అక్కడ యూదు స్కూళ్ళు చాలావరకు ప్రభుత్వ డబ్బుతో నడుస్తాయి, 1732లో పుట్టిన జేఎఫ్ఎస్ అనే పెద్ద యూదు స్కూల్ కూడా అలాంటిదే, మతం చదువు కోసం తల్లిదండ్రుల్ని కొంత కంట్రిబ్యూషన్ అడుగుతారు, అది అమెరికా ఫీజు పక్కన పెడితే చిల్లర. వైద్యం ఎటూ ఎన్‌హెచ్ఎస్, అంటే ప్రభుత్వానిదే. బాధంతా ఇంటి దగ్గరే, లండన్‌లో యూదులుండే గోల్డర్స్ గ్రీన్, హెండన్‌లో కొనలేక మాంచెస్టర్ పోయేవాళ్ళు, ఇంకా మతనిష్ఠ ఉన్నోళ్ళైతే గేట్స్‌హెడ్ పోయేవాళ్ళు ఉన్నారు. లండన్‌లోనే స్టాంఫర్డ్ హిల్‌లో హరేదీలది, అంటే అందరికంటే మతనిష్ఠ ఎక్కువున్నవాళ్ళది, వేరే కష్టం, 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన మూడో బిడ్డ నుంచి ప్రభుత్వ సాయంలో కొంత ఆపేసే రూలొచ్చింది, 2025 చివర్లో దాన్ని ఎత్తేస్తామని ప్రకటించేదాకా ఆరుగురు ఏడుగురు పిల్లలున్న ఇంటికి అది ఎంత దెబ్బయిందో. 2025 జనవరి నుంచి ప్రైవేట్ స్కూల్ ఫీజు మీద 20 శాతం వ్యాట్ కూడా పడింది, గొప్పోళ్ళ స్కూళ్ళని ఉద్దేశించి వేసింది చిన్న చిన్న హరేదీ బడుల మీద కూడా పడింది. ఫ్రాన్స్‌లో 1959 చట్టం ప్రకారం కాంట్రాక్ట్ ఉన్న ప్రైవేట్ బడిలో టీచర్ల జీతం ప్రభుత్వమే ఇస్తుంది, అందుకే పారిస్ శివార్లలో సార్సెల్ లాంటి చోట, అల్జీరియా, ట్యునీషియా నుంచొచ్చిన మామూలు ఉద్యోగాల కుటుంబాలు కూడా పిల్లల్ని యూదు బడికి పంపగలుగుతున్నాయి.

మరి అన్నీ వాళ్ళవే అయిన ఇజ్రాయెల్‌లో? బడి ఫీజు గొడవ లేదు, మూడేళ్ళ వయసు నుంచి చదువు ప్రభుత్వానిదే, 1995 నుంచి అందరికీ హెల్త్ ఇన్సూరెన్స్, కోషర్ కోసం వెతుక్కోనక్కర్లేదు, పండగకి సెలవు అడుక్కోనక్కర్లేదు. ఇక్కడ ఆదా అయిందంతా సూపర్ మార్కెట్‌లో, ఇంటి లోన్‌లో, కారు మీద వసూలవుతుంది. కొత్త పెట్రోల్ కారు మీద కొనుగోలు పన్నే 83 శాతం దాకా, 2025 జనవరి నుంచి వ్యాట్ 18 శాతం, 2008 నుంచి చూస్తే ఇళ్ళ రేట్లు రెండింతలు దాటాయి, 2021లో ఎకనామిస్ట్ వాళ్ళ సంస్థ తీసిన లిస్టులో ప్రపంచంలోకెల్లా ఖరీదైన సిటీ టెల్ అవీవ్. పాల వ్యాపారం మూడు పెద్ద కంపెనీల చేతిలో ఉంటుంది, బయటి సరుకు మీద సుంకాలు, కోటాలు. 2011 జూన్‌లో కాటేజ్ చీజ్ డబ్బా దాదాపు 8 షెకెళ్ళకి (వాళ్ళ కరెన్సీ) చేరేసరికి జనం ఫేస్‌బుక్‌లో బాయ్‌కాట్ పెట్టారు, మనకి ఉల్లిపాయ రేటు ఎలాగో వాళ్ళకి ఆ చీజ్ అలాగ, కంపెనీలు రేటు దించాల్సి వచ్చింది. నెల తిరక్కుండా టెల్ అవీవ్‌లో రోత్‌షీల్డ్ బులెవార్డ్ అనే రోడ్డు మీద అద్దెలు కట్టలేమని టెంట్లు వెలిశాయి, సెప్టెంబర్ 3న దేశమంతా కలిపి నాలుగు లక్షల మంది దాకా రోడ్డెక్కారని అంచనా, ఆ దేశ జనాభానే అప్పుడు 80 లక్షల లోపు. 2014లో ఇంకో చిత్రం, బెర్లిన్‌కి వెళ్ళిపోయిన ఒక కుర్రాడు అక్కడ చాక్లెట్ పుడ్డింగ్ ఇజ్రాయెల్ రేటులో మూడో వంతుకే వస్తోందని బిల్లు పోస్ట్ చేశాడు, పుడ్డింగ్ కోసం హిట్లర్ ఏలిన బెర్లిన్‌కా, వేరే ఊరే దొరకలేదా అని మంత్రులు కూడా తిట్టారు. నాకైతే ఆ కుర్రాడిలో తప్పేం కనపడలేదు.

ఇజ్రాయెల్ ఇళ్ళ ఖర్చుల్లో మనవాళ్ళు కూడా ఒక లైన్ ఐటమ్, ఇది చాలామందికి తెలీదు. ముసలివాళ్ళని చూసుకునే కేర్‌గివర్లలో కేరళ వాళ్ళతో పాటు నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్ళు, గోదావరి జిల్లాల వాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఇవ్వాల్సింది కనీస వేతనం, 2025 ఏప్రిల్‌లో అది నెలకి 6,247 షెకెళ్ళు అయింది, అప్పటి లెక్కన మన డబ్బుల్లో లక్షన్నర చుట్టూ. పెద్దాయన పరిస్థితిని బట్టి ప్రభుత్వ బీమా సంస్థ కొంత ఇస్తుంది, మిగతాది పెన్షన్‌లోంచో పిల్లలు తలా కొంత వేసుకునో. సగటు జీతం దానికి రెండింతల దగ్గరే ఉన్న దేశంలో అది తేలికేం కాదు. అటు మన అమ్మాయికి ఆ లక్షన్నరలో ఏజెంటు అప్పు తీరేసరికే ఏడాది పైన పడుతుంది. ఒకే వంటింట్లో రెండు కుటుంబాల నెల ఖర్చు లెక్కలు నడుస్తుంటాయన్నమాట, ఒకటి హీబ్రూలో, ఒకటి తెలుగులో.

డబ్బున్న యూదులు అనే మాట అసలు నిలబడని చోటు న్యూయార్క్‌కి గంట దూరంలోనే ఉంది. కిర్యాస్ జోయెల్ అని సాత్మార్ హసిదీల (హరేదీల్లో ఒక శాఖ) ఊరు, దాదాపు అందరూ యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) మాట్లాడతారు, ఇంటికి ఆరుగురు ఏడుగురు పిల్లలు, సెన్సస్ లెక్కల్లో దేశంలోనే అత్యంత పేద ఊళ్ళలో ఒకటిగా పేరుపడింది. ఐతే అక్కడ ఇల్లు లేక రోడ్డు మీదున్నవాళ్ళు కనపడరు. దానికి సగం కారణం ఫుడ్ స్టాంపులు, మెడికెయిడ్ లాంటి ప్రభుత్వ సాయం, మిగతా సగం గెమాక్‌లు. వడ్డీ లేని అప్పుల దగ్గర్నుంచి పెళ్ళి గౌను, ఉయ్యాల, ఫోల్డింగ్ కుర్చీలు, మందులు అన్నీ వాడుకుని తిరిగిచ్చే ఏర్పాటు, ఒకరింటి బేస్‌మెంట్‌లో పెళ్ళి బట్టలుంటాయి, ఇంకొకరింట్లో పసిపిల్లల సామాను. సాటి యూదుడి దగ్గర వడ్డీ తీసుకోకూడదని వాళ్ళ ధర్మశాస్త్రంలోనే ఉంది, ముందు చెప్పిన ఆ వడ్డీ వ్యాపారం మాటకి ఇది పూర్తిగా రివర్సు. ఇజ్రాయెల్ హరేదీల్లోనూ ఇంతే, మగవాళ్ళలో సగం మంది కంటే కొంచెం ఎక్కువే ఉద్యోగం చేస్తారు, మిగతావాళ్ళలో చాలామంది కొల్లెల్‌లో (పెళ్ళయిన మగవాళ్ళ మత పాఠశాల) చదువుకుంటూ కూర్చుంటే ఆడవాళ్ళలో దాదాపు 80 శాతం పనికి పోయి ఇల్లు లాగుతారు. ఇది నాకు నచ్చలేదు, ఆఫీసాయనతో అంటే ఆయనకీ నచ్చదన్నాడు, కాకపోతే బయటివాళ్ళు అంటే మాత్రం ఊరుకోడు.

ఇలా ఆదుకునే సంఘం కూడా కూలిపోవచ్చు. అర్జెంటీనాలో యూదు సంస్థల డబ్బులు దాచుకున్న బాంకో పాత్రిసియోస్, బాంకో మాయో రెండూ 1998లోనే మూతపడ్డాయి, ఆ దెబ్బకి బడులు, క్లబ్బులు దివాలా అంచుకొచ్చాయి, ఇంతలో 2001 చివర బ్యాంకు ఖాతాలన్నీ ఫ్రీజ్, ఆ తర్వాత పెసో పడిపోయింది. బ్యూనస్ ఏర్స్‌లో షాపులు నడుపుకుంటూ దర్జాగా బతికినవాళ్ళు ఉచిత భోజనం లైన్లో నిలబడ్డారు. 2002 ఒక్క ఏడాదిలోనే ఆరు వేల మంది దాకా ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు, వెళ్ళగానే ప్రభుత్వం ఇచ్చే మొదటి నెలల ఖర్చులు, హీబ్రూ క్లాసు, వాళ్ళకి అదొక దారి.

ఆ దారి లేనివాళ్ళు మన దగ్గరే ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని కొన్ని పదుల కుటుంబాలు, మాదిగ కులం నుంచొచ్చినవాళ్ళు, తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్తారు, చిన్న సినగాగ్ కట్టుకున్నారు, షబ్బాత్ పాటిస్తారు. ఎక్కువమందివి కూలి బతుకులు. ఎడిసన్‌లో శనివారం పని చెయ్యకపోతే జీతం కట్ అవ్వదు, మిరప చేలో శనివారం రాకపోతే ఆ రోజు కూలి పోతుంది, కోతల టైమైతే మేస్త్రీ మర్నాడు వేరేవాళ్ళని పిలుచుకుంటాడు. 2024-25లో ఉపాధి హామీ కూలి మన దగ్గర రోజుకి 300, నెలకి నాలుగు శనివారాలంటే 1,200, దేవుడి పేరు మీద నెలనెలా వదులుకునే ఆదాయం అది, ఆఫీసాయన ఫీజుతో పోలిస్తే ఏమీ కాదు గానీ ఇంటి ఆదాయంలో వంతు లెక్కేస్తే తక్కువేం కాదు. మణిపూర్, మిజోరంలో ఇలాంటివాళ్ళే అయిన బ్నెయి మెనాషేని 2005లో ఇజ్రాయెల్ ఇద్దరు ముఖ్య రబ్బీల్లో ఒకరైన సెఫార్దీ ముఖ్య రబ్బీ ఇశ్రాయేలు సంతతే అని ఒప్పుకున్నాడు, వేలమంది వెళ్ళి స్థిరపడ్డారు కూడా. కొత్తరెడ్డిపాలెం వాళ్ళకి ఆ గుర్తింపు రాలేదు, కాబట్టి అక్కడి బడి, ఇన్సూరెన్స్, మొదటి నెలల ఖర్చులు ఏవీ వర్తించవు, ఇక్కడేమో సంఘం నిండా కూలివాళ్ళే, గెమాక్ పెట్టాలన్నా అందులో వేసేవాళ్ళెవరు? ఈ ఊరి సంగతి చెప్తే ఆఫీసాయన నమ్మలేదు, తెలుగు మాట్లాడే యూదులా అని రెండుసార్లు అడిగి, అక్కడ స్కూల్ ఫీజు ఎంత అన్నాడు.