బడి మైదానంలో గడ్డి: ముందు నేల, తర్వాతే యూరియా

గోల్‌పోస్టు ముందు, ప్రార్థన జరిగే చోట గడ్డి చచ్చిపోతే చాలామంది యూరియా చల్లుతారు. అక్కడ అసలు లోపం ఎరువుది కాదు. పిల్లల కాళ్ల కింద నేల గట్టిపడి గడ్డి వేళ్లకు గాలి ఆడదు. తడి నేలలో స్క్రూడ్రైవర్ నాలుగు అంగుళాలు దిగకపోతే అదే జబ్బు. వానలు మొదలవగానే, పదును మీద (నేల తడిగా ఉండి, బురద కానప్పుడు), పలుగుతో జానెడు ఎడంగా గుచ్చి, చివికిన పశువుల ఎరువును జల్లెడపట్టి ఆ రంధ్రాల్లోకి ఊడ్చాలి. పచ్చి పేడ వద్దు, కలుపు విత్తనాలు వస్తాయి. నల్లరేగడి మీద పైపైన ఇసుక పరిస్తే రెండు పొరలుగా మిగులుతుంది తప్ప లాభం లేదు.

మట్టి పరీక్ష తప్పదు. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో మట్టి పరీక్ష కేంద్రానికి పంపండి. భాస్వరం, పొటాష్ ఆ ఫలితాన్ని బట్టే వేయాలి.

గరిక జాతి గడ్డికి 100 చదరపు మీటర్లకు ఒక విడతకు కిలో యూరియా చాలు. జూన్ చివర ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి. ఆకు తడిగా ఉండగా చల్లితే మాడుతుంది. చల్లిన వెంటనే నీళ్లు పెట్టాలి. శనివారం సాయంత్రమైతే ఆదివారం పిల్లలుండరు.