పట్టిక బట్టీపట్టి తప్పాను, కోడిపుంజులు గట్టెక్కించాయి: హార్మోన్లు-ప్రవర్తన పేపర్‌తో నా అనుభవం

మొదటిసారి ఈ పేపర్ రాయడానికి వెళ్ళినప్పుడు నా నోట్సులో సగం ఒక్క పట్టికే. మూడు గళ్ళు: గ్రంథి, హార్మోన్, పని. ఆక్సిటోసిన్ ఎదురుగా ప్రేమ, కార్టిజాల్ ఎదురుగా ఒత్తిడి, టెస్టోస్టిరాన్ ఎదురుగా దూకుడు. పొద్దున లేవగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి అప్పజెప్పుకునేదాన్ని. ఎటునుంచి అడిగినా తడుముకోకుండా చెప్పగలనన్న ధీమా.

హాల్లో మొదటి ప్రశ్నే ఇది: టెస్టోస్టిరాన్ దూకుడుకు కారణమా, ప్రయోగాల ఆధారంగా చర్చించండి. నా పట్టికలో ఉన్నది ఒక్క మాట. ఆ ఒక్క మాటనే రెండు పేజీలు సాగదీశాను. రిజల్ట్ ఏమై ఉంటుందో చెప్పక్కర్లేదు.

రెండోసారి పాసయ్యాను. మధ్యలో నేను చదివిన గంటలేమీ పెరగలేదు, నిజానికి తగ్గాయి. హార్మోన్ పేరుతో మొదలుపెట్టడం మానేసి ప్రయోగంతో మొదలుపెట్టాను, అంతే. ఈ పేపర్ రాయబోయేవాళ్ళకి పనికొస్తుందేమోనని, ఏది ఎలా చదివానో, ఎక్కడ బోర్లాపడ్డానో రాస్తున్నాను.

మీరు ఇంకేమీ చదవకపోయినా బెర్తోల్డ్ ప్రయోగం మాత్రం చదవండి. 1849, జర్మనీలోని గోట్టింగెన్. ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు చిన్న కోడిపుంజుల్ని తీసుకున్నాడు. రెండింటికి వృషణాలు పూర్తిగా తీసేసి వదిలేశాడు. అవి పెద్దయ్యాక కూయలేదు, కొట్లాటకు దిగలేదు, పెట్టల జోలికి పోలేదు, తలమీద తురాయి కూడా సరిగ్గా ఎదగలేదు. మిగతా నాలుగింటికి మాత్రం కడుపులో ఒక్కో వృషణం ఉండేలా చేశాడు. వాటిలో రెండింటికి పెట్టింది సొంతది కూడా కాదు, ఒకదానిది ఇంకొకదానికి మార్చి పెట్టాడు. ఆ నాలుగూ మామూలు పుంజుల్లాగే కూశాయి, పొడుచుకున్నాయి, పెట్టల వెంట పడ్డాయి.

తర్వాత కోసి చూస్తే వృషణం పేగుకి అతుక్కుని ఉంది. దానికి కొత్త రక్తనాళాలు వచ్చాయి, పాత నరాల బంధం మాత్రం లేదు. అంటే వృషణం నుంచి ఏదో నరాల ద్వారా కాకుండా రక్తం ద్వారా వెళ్ళి ప్రవర్తనను మారుస్తోంది. హార్మోన్ అన్న మాటను ఇంగ్లండ్ శాస్త్రవేత్త స్టార్లింగ్ వాడింది 1905లో. పేరు పుట్టకముందే, ఆరు కోళ్ళతో, విషయం తేలిపోయింది.

ఇందులోంచి నేను మూడు ప్రశ్నలు తీసుకుని ప్రతి టాపిక్‌కీ వేసుకున్నాను. గ్రంథి తీసేస్తే ప్రవర్తన పోతుందా? హార్మోన్ తిరిగిస్తే వస్తుందా? రక్తంలో దాని మోతాదు, ప్రవర్తన కలిసి పెరిగి తగ్గుతున్నాయా? ఈ మూడింటికీ జవాబు లేని వాక్యం ఎంత అందంగా ఉన్నా నోట్సులోకి రానివ్వలేదు. నా పాత పట్టికలో చాలా వరసలు ఈ పరీక్షకే నిలవలేదు.

రెండో మెట్టు 1959 నాటి గినీ పంది ప్రయోగం. ఫీనిక్స్, గోయ్, జెరాల్, యంగ్ కలిసి చేసింది. గర్భంతో ఉన్న తల్లికి టెస్టోస్టిరాన్ ఇస్తే, పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక ఆడవాటి లైంగిక ప్రవర్తన తక్కువగా, మగవాటిది ఎక్కువగా చూపించాయి. ఎదిగిన ఆడ గినీ పందికి అదే హార్మోన్ ఇస్తే అలాంటి శాశ్వతమైన మార్పు రాలేదు. దీన్నుంచే సంఘటన (ఆర్గనైజేషనల్) ప్రభావం, ప్రేరేపణ (ఆక్టివేషనల్) ప్రభావం అన్న రెండు మాటలు వచ్చాయి. మొదటిది మెదడు కట్టుబడి జరుగుతున్న రోజుల్లో పడేది, ఉండిపోయేది. రెండోది పెద్దయ్యాక పడేది, హార్మోన్ ఉన్నంతసేపే ఉండేది. నేను దీన్ని ఇల్లు కట్టేటప్పుడు వైరింగ్ వేయడం, తర్వాత స్విచ్ వేయడం అని గుర్తుపెట్టుకున్నాను. కౌమారంలో కూడా కొంత వైరింగ్ జరుగుతుందని తర్వాత తేలింది కాబట్టి పోలిక పూర్తిగా అతకదు. ఆ ముక్క కూడా జవాబులో రాయండి.

ఇక్కడే అందరూ పడే గుంట ఒకటుంది. మగ ఎలుక పిల్ల మెదడుని మగలక్షణాల వైపు మలిచేది నేరుగా టెస్టోస్టిరాన్ కాదు. అది మెదడులోకి వెళ్ళాక ఆరోమటేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. పని ఎక్కువగా చేసేది ఆ ఈస్ట్రడయోలే. ఆడ హార్మోన్ అని మనం పిలిచేదే మగ మెదడుని తయారుచేస్తోందన్నమాట! మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. మరి తల్లి కడుపులో ఈస్ట్రోజెన్ ఉంటుంది కదా, ఆడపిల్లలన్నీ ఎందుకు మారిపోవు? ఎందుకంటే పిండంలో ఆల్ఫా-ఫీటోప్రొటీన్ అనే ప్రొటీన్ ఆ ఈస్ట్రోజెన్‌ని పట్టుకుని మెదడుకి చేరనివ్వదు. ఆ ప్రొటీన్ లేకుండా చేసిన ఆడ చుంచుల్లో ఆడ ప్రవర్తన దెబ్బతిన్నట్టు 2006లో చూపించారు.

అయితే దీన్ని అలాగే ఎత్తి మనుషుల మీద పెడితే మార్కులు పోతాయి. మనుషుల్లో ఆండ్రోజెన్ రిసెప్టర్, అంటే టెస్టోస్టిరాన్ లాంటి మగ హార్మోన్లను కణంలో అందుకునే ప్రొటీన్, దాని పాత్రే పెద్దది. ఆ రిసెప్టర్ అసలు పనిచేయని, మగవాళ్ళలో ఉండే ఎక్స్‌వై క్రోమోజోములున్న వ్యక్తుల్లో టెస్టోస్టిరాన్, దాంతో తయారయ్యే ఈస్ట్రోజెన్ రెండూ ఉంటాయి. అయినా వాళ్ళు సాధారణంగా ఆడపిల్లలుగానే పెరిగి అలాగే గుర్తించుకుంటారు. ఎలుక లెక్క ఇక్కడా పనిచేస్తే అలా జరగకూడదు. ఏ జంతువులో తేలిన విషయమో రాయకుండా వాక్యం ముగించకూడదన్న నియమం అప్పుడే పెట్టుకున్నాను.

నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ జీబ్రా ఫించ్ అనే చిన్న పాటపిట్ట. మగది పాడుతుంది, ఆడది పాడదు. పాటకు సంబంధించిన మెదడు కేంద్రాలు మగవాటిలో చాలా పెద్దవని 1976లో నాటెబోమ్, ఆర్నాల్డ్ చూపించారు. ఇదంతా హార్మోన్ల పనే అనుకుంటుండగా 2003లో ఒక వింత పిట్ట గురించి పరిశోధన పత్రం వచ్చింది. దాని శరీరం కుడివైపు మగ, ఎడమవైపు ఆడ. రెండు వైపులకీ అందేది ఒకే రక్తం, ఒకే హార్మోన్లు. అయినా పాట కేంద్రం మగవైపు పెద్దగా ఉంది. అంటే మెదడు కణాల్లోని జన్యువులకు కూడా సొంతంగా ఒక మాట ఉంది. హార్మోన్లే సర్వం అని రాసే చేతిని ఆపడానికి ఈ ఒక్క పిట్ట చాలు.

ఇక నన్ను ముంచిన ప్రశ్నకు వద్దాం. టెస్టోస్టిరాన్, దూకుడు. 1990లో వింగ్‌ఫీల్డ్ బృందం పక్షుల్లో సవాలు సిద్ధాంతం ప్రతిపాదించింది. జంటగా ఉండి పిల్లల్ని సాకే జాతుల్లో మగవాటికి గుడ్లకాలంలో టెస్టోస్టిరాన్ ఒక మాదిరిగా ఉంటుంది. వేరే మగది హద్దు దాటి వస్తే ఇంకా ఎగబాకుతుంది, పిల్లలకు మేత పెట్టే రోజుల్లో పడిపోతుంది. పడిపోకుండా బయటినుంచి హార్మోన్ ఇస్తే మగ పిచ్చుక పిల్లలకు మేత తేవడం తగ్గించేస్తుంది. కాబట్టి కొట్లాట హార్మోన్‌ని పెంచుతోంది, హార్మోన్ కొట్లాటను నిలబెడుతోంది, దానికి మూల్యం పిల్లల పెంపకంలో చెల్లుతోంది. మనుషుల్లోనైతే రక్తంలోని టెస్టోస్టిరాన్‌కీ దూకుడుకీ సంబంధం ఉన్నా అది బలహీనమే. పోటీలు, గెలుపోటములు కూడా ఆ మోతాదుని కదిలిస్తాయి. నా పట్టికలో బాణం ఒకవైపే ఉండేది. అసలు విషయం రెండో బాణంలో ఉంది.

ఆక్సిటోసిన్ దగ్గర నాది ఇంకో రకం దెబ్బ. ప్రెయిరీ వోల్ అనే ఎలుకజాతి జంతువు జతకట్టి కలిసి ఉంటుంది, దాని దగ్గరి బంధువు మెడో వోల్ ఉండదు. తేడా హార్మోన్‌లో కంటే, దాన్ని అందుకునే రిసెప్టర్లు మెదడులో ఎక్కడెక్కడ ఉన్నాయన్న దాంట్లో ఎక్కువ. ఆక్సిటోసిన్‌ని పోలిన హార్మోన్ వాసోప్రెసిన్. దాని రిసెప్టర్ జన్యువుని మగ మెడో వోల్ మెదడులో తగినచోట ఎక్కువచేస్తే అది కూడా తన జోడీనే అంటిపెట్టుకుందని 2004లో చూపించారు. ఆక్సిటోసిన్ రిసెప్టర్‌ని మందుతో అడ్డుకుంటే ప్రెయిరీ వోల్‌లో జత కుదరదని అప్పటికే తెలుసు. ఇదంతా చక్కగా రాసి, రంగులు వేసి, నోట్సు మూసేశాను. తీరా చూస్తే 2023లో ఆక్సిటోసిన్ రిసెప్టర్ జన్యువునే పుట్టుకనుంచి తీసేసిన ప్రెయిరీ వోల్స్ శుభ్రంగా జతకట్టాయని తేలింది. తల పట్టుకున్నాను. మందుతో అప్పటికప్పుడు అడ్డుకోవడం, పుట్టుకనుంచే లేకపోవడం ఒకటి కాదు, రెండోదాంట్లో మెదడు వేరే దారి చూసుకుని ఉండొచ్చు. ఆ తేడా రాస్తే చాలు, రెండు ఫలితాలూ ఒకే జవాబులో పొసుగుతాయి. పాత నోట్సు కొనుక్కుని చదివేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త.

థైరాయిడ్, లెప్టిన్, మెలటోనిన్‌లకు నేను ఒక్కో పూటే ఇచ్చాను. గర్భంలో, పసితనంలో థైరాయిడ్ హార్మోన్ లోపిస్తే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. 1994లో లెప్టిన్ జన్యువు దొరకడంతో ఆ హార్మోన్ లేని చుంచు ఎందుకు ఆగకుండా తింటుందో అర్థమైంది. మెలటోనిన్ చీకటి ఎంతసేపుందో చెప్పే గుర్తు. పది మార్కులకు ఇవి సరిపోతాయి.

ఒత్తిడి చాప్టర్‌కి మాత్రం పది రోజులు పెట్టాను. కొంత స్వార్థం కూడా ఉంది లెండి, టెన్షన్ నాకే ఎక్కువ. మెదడులోని హైపోథాలమస్ నుంచి సీఆర్‌హెచ్ అనే హార్మోన్, అది కదిలిస్తే పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోన్, అది కదిలిస్తే అడ్రినల్ గ్రంథి నుంచి కార్టిజాల్. ఆ కార్టిజాలే తిరిగి మెదడుకి వెళ్ళి ఇక చాలు అని చెబుతుంది. జ్ఞాపకాలకు ముఖ్యమైన మెదడు భాగం హిప్పోక్యాంపస్‌లో దాన్ని అందుకునే రిసెప్టర్లు రెండు రకాలు. ఒకటి కొద్దిపాటి మోతాదుకే నిండిపోతుంది, రెండోది మోతాదు పెరిగితేగాని నిండదు. ఒకే హార్మోన్ కొంచెం ఉన్నప్పుడు జ్ఞాపకానికి సాయం చేసి, ఎక్కువైతే ఎందుకు చెడగొడుతుందో చెప్పడానికి ఈ రెండు రిసెప్టర్ల కథే మంచి దారి. ఉద్రేకం మధ్యస్థంగా ఉన్నప్పుడు పని బాగా సాగుతుందని, తక్కువైనా ఎక్కువైనా తగ్గుతుందని చూపే యర్క్స్, డాడ్సన్ తిరగేసిన యూ గీత ఇక్కడ గీసేవాళ్ళు చాలామంది. వాళ్ళ 1908 ప్రయోగంలో హార్మోన్ ఏదీ కొలవలేదని గుర్తుంచుకుని గీయండి.

1998లో వచ్చిన ఒక ఎలుకల ప్రయోగం నన్ను బాగా పట్టేసింది. నీళ్ళ తొట్టిలో దాగిన మెట్టు ఎక్కడుందో ఎలుకలకు ముందే నేర్పారు. తర్వాత పరీక్షకు అరగంట ముందు షాక్ ఇస్తే వాటికి ఆ చోటు సరిగ్గా గుర్తురాలేదు. రెండు నిమిషాల ముందు ఇచ్చినా, నాలుగు గంటల ముందు ఇచ్చినా అంత ఇబ్బంది రాలేదు. ఎలుకల్లో కార్టిజాల్ పని చేసే కార్టికోస్టెరోన్ తయారీని మందుతో ఆపితే ఆ మరుపు కూడా ఆగింది. ఇది చదివాక పరీక్షకు అరగంట ముందు గేటు దగ్గర గుంపులో నిలబడి "ఇది చదివావా, అది చదివావా" అనే కార్యక్రమం మానేశాను. ఎలుకల ఫలితాన్ని నా మీద పెట్టుకోవడం నా నియమానికే విరుద్ధం, ఒప్పుకుంటాను. కానీ చెట్టుకింద ఒక్కదాన్నే కూర్చోవడం హాయిగానే ఉంది.

రెండోసారి పెద్ద ప్రశ్నగా వచ్చింది లేర్మన్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేసిన పావురాలు. ప్రవర్తన హార్మోన్లను ఎలా మారుస్తుందో వివరించండి అని. ఇరవై మార్కులు! గాజు పలక అవతల మగ పావురం వలపు ఆట ఆడుతుంటే చూసిన ఆడ పావురంలో అండాశయం ఎదగడం, వృషణాలు తీసేసిన మగది ఎదురుగా ఉంటే ఆ స్పందన బాగా తగ్గిపోవడం, గూడు కట్టడం, పొదగడం, ఆ పొదిగే రోజుల్లో పెరిగే ప్రొలాక్టిన్ హార్మోన్, చివర్లో పిల్లలకు పట్టే పావురం పాలు. బాణాలన్నీ రెండు వైపులా గీశాను. పెన్ను ఆగలేదు. పేపర్ ఇచ్చేసి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, మే-ఫాంగ్ చెంగ్ అనే శాస్త్రవేత్త ఈ పావురాల మీదే చేసిన తర్వాతి పని రాయలేదని. మగదాన్ని చూసిన ఆడ పావురం తానూ కూస్తుంది. దాని అండాశయాన్ని ఎక్కువగా కదిలించేది మగదాని పాట కాదు, తన గొంతు తనకు వినపడటం. కూయలేకుండా చేస్తే మగది ఎంత ఆడినా అండాలు సరిగ్గా ఎదగవు. ఆ ప్రశ్నకి అంతకంటే మంచి ముగింపు ఉండదు. అది నా జవాబులో లేదు.