కత్తి ఒరలో పెట్టుకోండి

పర్లాకిమిడిలో మా ఇంట్లో నాటకమంటే పద్యనాటకమే. నాన్నగారు పగలు బియ్యం కొట్టు నడిపేవారు. రాత్రిపూట ఆంధ్ర, ఒడిశా సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో కీచకుడి వేషం కట్టేవారు. నేను సైడు వింగులో కూర్చుని ఆయన్ను చూస్తూ పెరిగాను. సైరంధ్రి ముందు ఆయన ఉత్తరీయం సవరించుకుని రాగం ఎత్తుకోగానే ముందు వరసలోని ఆడవాళ్ళు మెటికలు విరిచేవారు. అయినా వాళ్ళ ముఖాల్లో భయం ఉండేది కాదు. నర్తనశాలలో భీముడు కాచుకుని ఉన్నాడని అందరికీ తెలుసు.

షేక్‌స్పియర్ ‘మూడో రిచర్డ్’ నాటకంలో రిచర్డ్ ఆన్‌ను లొంగదీసుకునే రంగాన్ని తెలుగులో ఆడదామని మాస్టారు అన్నప్పుడు నా కళ్ళ ముందు నిలిచింది కీచకుడే. మాస్టారు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి విరమించినవారు. నేను నాన్నగారి వేషం గురించి ఉత్సాహంగా చెబుతుంటే చివరిదాకా విని, “ఇందులో భీముడు లేడురా, వాడు గెలుస్తాడు” అన్నారు.

ఆ మాట నాకు ఒంటబట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

1592–93 ప్రాంతంలో రాసిన నాటకం అది. మొదటి అంకం, రెండో రంగం. చనిపోయిన రాజు ఆరో హెన్రీ శవం వెంట కోడలు ఆన్ ఏడుస్తూ వస్తుంది. ఆమె మామను చంపినవాడు రిచర్డ్. ఆమె భర్త మరణంలో కూడా వాడి కత్తి ఉంది. వాడు దారికి అడ్డంగా నిలబడి శవాన్ని దింపిస్తాడు. వాడు దగ్గరకు రాగానే శవం గాయాల నుంచి మళ్ళీ నెత్తురు కారుతుంది. ఆమె శపిస్తుంది, ముఖాన ఉమ్ముతుంది. సుమారు 260 పంక్తులు. రంగం ముగిసేసరికి వాడి ఉంగరం ఆమె వేలికి ఉంటుంది. చరిత్రలో శవం దగ్గర అలాంటి కలయిక జరగలేదు, అది కవి కల్పన. వాళ్ళిద్దరి పెళ్ళి మాత్రం 1472లో నిజంగానే జరిగింది.

అనువాదం నేనే చేశాను. నాకు వచ్చిన నాటక భాష నాన్నగారి దగ్గర నేర్చుకున్నదే కాబట్టి ఆన్ “నీచుడా, నీవు” అంటుంది, రిచర్డ్ “సుందరీ, నీవు” అంటాడు. రెండు వారాలు అలాగే రిహార్సలు చేశాం. మాటలు గంభీరంగా మోగుతున్నాయి, రంగం మాత్రం కదలడం లేదు. ఆమె మనసు ఎక్కడ మారిందో నాకూ తెలియడం లేదు, చూసేవాళ్ళకూ తెలియడం లేదు.

ఒకరోజు మాస్టారు ఇంగ్లీషు పుస్తకంలో పెన్సిలుతో గీతలు గీసుకుని వచ్చారు. ఆ కాలపు ఇంగ్లీషులో మన ‘నువ్వు’, ‘మీరు’ లాగానే ‘దౌ’, ‘యూ’ అని రెండు ఉండేవి. ఆన్ రిచర్డ్‌ను మొదటినుంచీ ‘దౌ’ అనే తిడుతుంది. హంతకుడికి ఇవ్వాల్సిన మర్యాద అంతే. వాడు మోకాళ్ళ మీద కూర్చుని, తన కత్తి ఆమె చేతికిచ్చి, గుండె చూపిస్తాడు. ఆమె పొడవలేక కత్తి పడేస్తుంది. తర్వాత నాలుగు మాటలు నడిచాక “సరే సరే, కత్తి ఒరలో పెట్టుకోండి” అంటుంది. అక్కడ ‘యువర్’ అనే మాట వస్తుంది. కవి ఇంకేమీ చెప్పలేదు. ఆమె కన్నీరు తుడుచుకుందనీ చెప్పలేదు, చూపు తిప్పుకుందనీ చెప్పలేదు. సంబోధన ఒక్కటే మార్చాడు.

ఎవరినైనా ‘నీవు’ అనే నా నాటక భాష ఆ మార్పును పూర్తిగా మింగేసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే తెలుగులో రాయండని ఇక్కడ ఉంటూనే పోరాడి, 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పోరాటమంతా పాఠ్యపుస్తకాల గురించేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ‘నీవు’ చాటున ఒక మనిషి పతనమే కనబడకుండా పోతుందని ఆ సాయంత్రం అర్థమైంది. మొత్తం కొట్టేసి మాట్లాడే భాషలో మళ్ళీ రాశాను.

ఆన్ వేషం వేసినావిడ ప్రభుత్వ బడిలో పనిచేసే టీచరు. మా వీధే. చిన్నప్పటి నుంచీ అక్కా అని పిలుస్తాను. ఇంట్లో తెలుగు, చదువంతా ఒడియాలో. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే గాని చదవలేరు కాబట్టి తన సంభాషణలన్నీ ఒడియా లిపిలో రాసుకున్నారు. మా సరిహద్దులో ఇలా తెలుగు మాటను ఒడియా అక్షరంలో దాచుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ కాగితాలను చూసినప్పుడల్లా నాకు గౌరవం కలిగేది. భాషను పోగొట్టుకోకూడదనుకున్న మనిషి చేతిరాత అది.

కొత్త ప్రతి విన్నాక అక్క అడ్డం తిరిగారు. “భర్తను చంపినవాణ్ణి నేను ‘మీరు’ అనలేను తమ్ముడూ” అన్నారు. “ఒడియాలో మూడు మెట్లున్నాయి, ‘తు’, ‘తుమె’, ‘ఆపణ’. అక్కడైతే ఒక్కొక్క మెట్టు దిగుతాను. తెలుగులో ఉన్నవి రెండే. నువ్వు నుంచి మీరుకు ఒక్క అడుగులో ఎలా వస్తాను? పైగా మన ఇళ్ళలో ‘మీరు’ అని ఎవరిని అంటాం?”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మొగుణ్ణి అంటాం. ఇంగ్లీషు ప్రేక్షకుడికి అక్కడ మర్యాద వినిపిస్తుందేమో, మన ప్రేక్షకుడికి మాత్రం ఆ ‘మీ’లో కాపురం వినిపిస్తుంది. అనువాదంలో నేను వెతకకుండానే దొరికింది అది. అది దొరికింది కాబట్టే అక్కకు నోరు రాలేదు.

ఆవిడకు దారి చూపింది శవయాత్ర. మన వైపు శవం వెంట ఆడవాళ్ళు వెళ్ళరు కదా, ఆన్ ఎందుకు వెళుతోందని చూసేవాళ్ళు అడుగుతారని నేను అన్నాను. మాస్టారు పుస్తకం మూసి లెక్క చెప్పారు. ఆమె తండ్రి వారిక్ ప్రభువు 1471 ఏప్రిల్ 14న బార్నెట్ యుద్ధంలో పోయాడు. భర్త ఎడ్వర్డ్ మే 4న ట్యూక్స్‌బరీలో పోయాడు. మామ హెన్రీ అదే నెల 21న లండన్ కోటలో పోయాడు. “శవం వెంట నడవడానికి ఇక మగదిక్కు లేదమ్మా, అందుకే తను వచ్చింది” అన్నారు.

అక్క చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అయితే ఇది వాడి మీద వలపు కాదు” అన్నారు. కాదు. నా నమ్మకం కూడా అదే. తీయటి మాటలతో గెలిచానని రిచర్డ్ అనుకుంటాడు. వాడు గెలిచింది ఆమె చుట్టూ ఎవరూ మిగలకుండా చేసి. ఆ తర్వాత ఎదురుగా నిలబడితే చాలు.

దాంతో నా పాత్ర కూడా తలకిందులైంది. అప్పటిదాకా నాన్నగారి నవ్వు నవ్వుతున్నాను, కడుపులోంచి తెచ్చే ప్రతినాయకుడి నవ్వు. మాస్టారు దాన్ని తీసేయించారు. కీచకుడికి ఆమె కావాలి, వీడికి ఆమె అలసిపోవడం కావాలి, కాబట్టి గొంతు పెంచకు అన్నారు. గూని కోసం వీపున కట్టుకున్న దిండు కూడా విప్పేశాను. 2012లో లెస్టర్ నగరంలో కార్లు నిలిపే స్థలం కింద రిచర్డ్ అస్థిపంజరం బయటపడింది. వెన్ను పక్కకు వంగి ఉంది గాని, నాటకంలో చెప్పిన ఎండిపోయిన చెయ్యి లేదు. కుడి భుజం కొంచెం ఎత్తి పట్టుకుంటే చాలనిపించింది. వంకర వీపును దుర్మార్గానికి గుర్తుగా చూపించడం నాకు మొదటినుంచీ కష్టంగానే ఉంది.

అక్కా అని పిలిచే మనిషి ముందు మోకరిల్లి “నీ అందమే నాచేత హత్యలు చేయించింది” అనడం ఇంకో కష్టం. మొదటి వారమంతా ఆవిడ నుదుటి వైపు చూస్తూ ఆ మాట అప్పజెప్పాను. చివరికి రిహార్సలు గదిలో సుద్దముక్కతో ఒక గీత గీసుకున్నాం. గీతకు ఇవతల అక్కా, తమ్ముడూ. అవతల ఆ పిలుపు లేదు. ఆవిడ భర్త రోజూ వచ్చి గోడవారన కూర్చునేవారు. ఆ పెద్దమనిషి ఒక్కరోజు కూడా ముఖం చిట్లించలేదు. తాకడం అవసరం లేకుండానే రంగం నడిపించాలని మాస్టారు ముందే అనుకున్నారు. ఉంగరం కూడా నేను తొడగను. మా ఊరి కొమ్ము పనివారు చేసిచ్చిన నల్లటి ఉంగరం అది. అరచేతిలో పెట్టి చాపుతాను. ఆమె తీసుకుని, “తీసుకోవడమంటే ఇవ్వడం కాదు” అని తనే పెట్టుకుంటుంది. నేను తొడగడం కన్నా అది భయంకరంగా ఉంది.

ప్రదర్శన రోజున హాలు నిండింది. నాన్నగారు ముందు వరసలో కూర్చున్నారు. పాడె మీద శవంగా పడుకున్న కుర్రవాడు పావుగంటకు పైగా కదలకుండా ఉన్నాడు, వాడి ఓపికకు దండం పెట్టాలి. మాటకు మాట నడిచే భాగం సాఫీగా సాగింది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇనుప కత్తి, మొన అరగదీయించాం. అక్క దాన్ని నా గుండెకు ఆనించారు.

రిహార్సళ్ళలో అక్కడ మూడు లెక్కపెట్టే వ్యవధి. ఆ రోజు మూడు దాటింది, అయిదు దాటింది. కత్తి మొన వణుకుతూ చొక్కాకు తగులుతోంది. వెనక వరసల్లోంచి ఒక ముసలావిడ గొంతు లేచింది: “పొడిచెయ్యమ్మా!”

ఎవరూ నవ్వలేదు. ఇంకో రెండు గొంతులు కూడా “పొడిచెయ్” అన్నాయి. హాలంతా ఆమె పక్షాన ఉంది. ఆ క్షణంలో ఆమెకు మగదిక్కూ ఆడదిక్కూ అన్నీ ఉన్నాయి, కాని నాటకంలో ఆమెకు అవి వినిపించవు. తర్వాతి మాట నాది. “ఆగకు, హెన్రీని చంపింది నేనే” అన్నాను, గొంతు పెంచకుండా. కత్తి కింద పడింది. రాతి పలకల మీద ఇనుము మోత ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పుడు అక్క నా వైపు చూడకుండా, వంటింట్లోంచి మాట్లాడినట్టు, చాలా మామూలుగా అన్నారు: “సరే సరే. కత్తి ఒరలో పెట్టుకోండి.”

హాల్లో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. ఒకరిది కాదు, చాలామందిది.

ఆమె వెళ్ళిపోయాక రిచర్డ్ స్వగతం ఉంటుంది. ఇలాంటి దుఃఖంలో ఉన్న స్త్రీని ఇలా ఎవరైనా గెలుచుకున్నారా, దక్కించుకుంటాను గాని ఎక్కువ కాలం ఉంచుకోను, అంటాడు. చప్పట్లు వస్తాయని నాలుగు నెలలుగా ఊహించుకున్న చోటు అది. నిశ్శబ్దం తప్ప ఏమీ రాలేదు. ఆ నిశ్శబ్దంలో మాటలు పూర్తి చేయడం నేను చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైనది.

ఇంటికి వస్తుంటే దారంతా నాన్నగారు మౌనంగా ఉన్నారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ, “ఎవరూ మెటికలు విరవలేదురా, చూశావా?” అన్నారు. ఆయన కీచకుడు ఏనాడూ భయపెట్టలేదన్న సంగతి ఆ రాత్రి ఆయనకే కొత్తగా తోచినట్టుంది. లోపలికి వెళ్ళి చాలాసేపు దీపం ఆర్పలేదు.

పాతపట్నంలో మళ్ళీ ఆడబోతున్నాం. మొన్న అక్క తన ఒడియా కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మాస్టారి దగ్గర ఇంగ్లీషు పుస్తకం తీసుకుని రంగం మొత్తం మళ్ళీ చూశారట. కత్తి ఒరలో పెట్టుకోమన్న వెంటనే రిచర్డ్ “మన మధ్య శాంతి కుదిరినట్టేనా?” అని అడుగుతాడు. నా అనువాదంలో ఆమె జవాబు “తర్వాత తెలుస్తుంది”. మాస్టారి పుస్తకంలో మాత్రం అక్కడ మళ్ళీ ‘దౌ’ ఉంది. ‘మీరు’ అన్నాక కూడా ఒక్కసారి పాత మాట పైకి వచ్చింది. నేను అంతకు ముందు ఎన్నోసార్లు చదివీ గమనించలేదు.

“నువ్వు దాన్ని తినేశావు తమ్ముడూ, నాకు అది కావాలి” అన్నారు అక్క. కలం తీసుకుని నా ప్రతిలో ఆ చోట ‘నీకు’ అని రాసి ఇచ్చాను. ఆవిడ తన కాగితం మీద ఒడియా అక్షరాల్లో రాసుకుని, కింద రెండు గీతలు గీసుకున్నారు.